కారు సందేహాలు: జినాన్ లైట్లు వేయిస్తే కేసవుతుందా?

ప్రశ్న: నాది 2017 వాగన్ఆర్. రాత్రిపూట దేవరకొండ రోడ్డులో లైటు బొత్తిగా చాలడం లేదు. యాక్సెసరీస్ షాపులో 6000 కెల్విన్ హెచ్ఐడీ (జినాన్) కిట్ వేస్తామంటున్నారు. వైరు కూడా కోయక్కర్లేదట. వేయించుకోవచ్చా? (నల్గొండ)

జవాబు: వద్దు. కిట్ మంచిదా, నాసిరకమా అన్నది తర్వాతి మాట. అసలు మీ డూముకు, అంటే బల్బు కూర్చునే హెడ్‌లైటు పెట్టెకు, అది నప్పదు.

మీ కారుది హెచ్4 హాలోజన్ బల్బు. అందులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. బ్రైట్‌కు 60 వాట్లది, డిమ్‌కు 55 వాట్లది. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది కిందికి పోయే వెలుగును అడ్డుకుంటుంది కాబట్టి డిమ్‌లో రిఫ్లెక్టర్ పై సగమే పనిచేస్తుంది. పై సగం మీద పడిన వెలుగు రోడ్డు మీదికి దిగుతుంది, ఎదుటివాడి కంట్లోకి ఎక్కదు. ఫిలమెంటు ఎంత సన్నం, ఎంత పొడవు, ఎక్కడ కూర్చుంటుంది అన్న లెక్క మీదే రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆధారపడి ఉంటుంది.

హెచ్ఐడీలో ఫిలమెంటే ఉండదు. జినాన్ వాయువు, లోహ లవణాలు నింపిన చిన్న గాజు గుళికలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఆర్క్ వెలుగుతుంది. అది ఫిలమెంటులా తిన్నగా ఉండదు, కాస్త విల్లులా పైకి వంగి ఉంటుంది. హెచ్4 కిట్‌లో డిమ్, బ్రైట్ మారడానికి ఒక అయస్కాంతం గుళికనే ముందుకూ వెనక్కూ జరుపుతుంది. కొన్నాళ్లకు అది సగంలో ఇరుక్కుపోతే డిమ్ నొక్కినా బ్రైటే పడుతుంది.

ఇక వెలుగు లెక్క. 13.2 ఓల్టుల దగ్గర హెచ్4 డిమ్ సుమారు 1000 ల్యూమెన్లు, బ్రైట్ 1650. ఫ్యాక్టరీ రకం 35 వాట్ల జినాన్ బల్బు సుమారు 3200. అంటే అదే రిఫ్లెక్టర్‌లోకి మూడు రెట్ల వెలుగు, అదీ తప్పు చోటి నుంచి పోస్తున్నారన్నమాట. కటాఫ్ గీత, అంటే కింది వెలుగుకూ పై చీకటికీ మధ్య హద్దు, చెదిరిపోతుంది. బంపర్ ముందు పది పదిహేను మీటర్లు పట్టపగలులా కనిపిస్తుంది. ఆ వెలుగుకు మీ కంటిపాప ముడుచుకుంటుంది. దాంతో దూరంగా దీపాల్లేని ఎడ్లబండి ఉన్నా కంటికి ఆనదు. కిట్ వేయించినవాళ్లు ‘లైటు అదిరింది’ అనేది ఈ దగ్గరి వెలుగు చూసే.

6000 కెల్విన్ అంటే ఎక్కువ వెలుగు కాదు, నీలం ఛాయ. కార్ల కంపెనీలు వేసే జినాన్ 4300 కెల్విన్ దగ్గర ఉంటుంది. అదే వాట్లలో నీలం పెరిగేకొద్దీ ల్యూమెన్లు తగ్గుతాయి. పైగా హెచ్ఐడీకి పూర్తి వెలుగు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కరెంటును అందించే బ్యాలస్ట్ పెట్టె 20 వేల ఓల్టులకు పైగా పంపి ఆర్క్ రాజేసినా, గుళికలోని లోహ లవణాలు వేడెక్కి ఆవిరవ్వాలి కదా.

ముందు ఉన్న లైటు నుంచి పూర్తి వెలుగు వస్తోందో లేదో చూసుకోండి. ఆ సంగతి కింది జవాబుల్లో ఉంది.

ప్రశ్న: ఆటోనగర్‌లో విదేశీ కారు నుంచి విప్పిన బై-జినాన్ ప్రొజెక్టర్లు (ఒకే జినాన్ బల్బుతో డిమ్, బ్రైట్ రెండూ గుండ్రటి కటకం గుండా ఇచ్చేవి) దొరికాయి. ప్రొజెక్టర్ అయితే గ్లేర్ (ఎదుటివాడి కంట్లో కొట్టడం) ఉండదు కాబట్టి చట్టం ఒప్పుకుంటుందని ఫిట్టర్ అంటున్నాడు. నిజమేనా? (విజయవాడ)

జవాబు: సగం నిజం. జినాన్ కోసమే చేసిన ప్రొజెక్టర్‌లో డీ2ఎస్ లాంటి అసలు జినాన్ బల్బు పెడితే కటాఫ్ చక్కగా వస్తుంది. కానీ మీ హాలోజన్ డూమును ఓవెన్‌లో వేడిచేసి, అద్దం ఊడదీసి, లోపల ప్రొజెక్టర్ బిగించి మళ్లీ సీలు చేశాక అది ఆమోదం పొందిన హెడ్‌ల్యాంపు కాదు. సీలు సరిగా పడకపోతే మొదటి వర్షానికే లోపల ఆవిరి పడుతుంది. ఆ తేమ ఆర్క్ రాజేసే ఇగ్నైటర్‌కు చేటు.

విప్పిన సరుకు కొనేవాళ్లు ఒకటి తప్పక చూడాలి. ప్రొజెక్టర్ ఒక్కటే అయితే ముందు గోడ మీద వేసి చూడండి. కుడివైపు నడిచే దేశాల లైటులో కటాఫ్ కుడివైపు పైకి లేస్తుంది, అంటే మన దగ్గర ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్ ముఖం మీదికి. పూర్తి డూము అయితే అద్దం మీద వృత్తంలో ‘ఈ’ అక్షరం, పక్కన అంకె ఉంటుంది. దాని కింద, లైటుకు ఎదురుగా నిలబడిన మనకు కుడివైపు చూపే బాణం ఉంటే అది మనలా ఎడమవైపు నడిచే దేశాలది. బాణమే లేకపోతే కుడివైపు నడిచే దేశాలది. రెండువైపులా బాణం ఉంటే రెండింటికీ పనికొస్తుంది. అక్కడే ‘డీసీఆర్’ అని ఉంటే జినాన్ కోసం ఆమోదించిన డూము, ‘హెచ్‌సీఆర్’ అని ఉంటే హాలోజన్‌ది. హెచ్‌సీఆర్ డూములో హెచ్ఐడీ బల్బు కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

ఫ్యాక్టరీ జినాన్ అంటే బల్బు, బ్యాలస్ట్ మాత్రమే కాదు. 2000 ల్యూమెన్లు దాటిన బల్బు వాడితే ఆటోమేటిక్ లెవలింగ్, హెడ్‌లైటు వాషర్ రెండూ ఉండాలని ఐరోపా నిబంధనలు పట్టుబట్టాయి. వెనక సీటులో ముగ్గురు ఎక్కితే కారు ముక్కు లేస్తుంది, యాక్సిల్ దగ్గరి సెన్సార్ చూసి మోటారు లైటును కిందికి దించుతుంది. అద్దం మీది మురికి వెలుగును అన్ని దిక్కులకూ చిమ్ముతుంది కాబట్టి వాషర్. ఈ రెండింటి ఖర్చు తప్పించుకోవడానికే తర్వాత 25 వాట్ల, 2000 ల్యూమెన్ల జినాన్ బల్బులు వచ్చాయి.

కాబట్టి నిలబడే దారి ఒకటే. మీ మోడల్లోనే పై వేరియంట్‌కు కంపెనీ జినాన్ ఇచ్చి ఉంటే, ఆ డూములు, బ్యాలస్ట్‌లు, లెవల్ సెన్సార్లు, వాషర్, వైరింగ్ మొత్తం దించి, షోరూమ్‌లో కోడింగ్ చేయించడం. ఖర్చు చూశాక చాలామంది ఆ ఆలోచన మానుకుంటారు. పై వేరియంట్ హాలోజన్ ప్రొజెక్టర్ డూము దొరికితే అది చవక. మామూలుగా వాడేవారికి అదే చాలు.

ప్రశ్న: పట్టుకుంటే ఎంత ఫైన్? (వరంగల్)

జవాబు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను దాటి వాహనాన్ని మార్చకుండా ఆపుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంటే షాపువాడి మీద కాదు, మీ మీద.

కిట్ సంగతి ఎలా ఉన్నా, గ్లేర్‌కు వేరే కొలత ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది. లైటుకు 8 మీటర్ల ముందు, ఆ లైటు కుడి అంచుకు అర మీటరు పక్కగా, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకూడదు. ఇది మీరే ఇంటి ముందు నిలబడి చూసుకోవచ్చు.

ప్రశ్న: బల్బులు కొత్తవే, అయినా లైటు పసుపుగా, నీరసంగా ఉంది. 100/90 వాట్ల బల్బులు వేయమని సలహా ఇచ్చారు. (కర్నూలు)

జవాబు: ఆ బల్బులు రోడ్డు మీద చట్టవిరుద్ధం. పైగా 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగితే 100 వాట్లది 8 దాటుతుంది. స్టీరింగ్ దగ్గరి స్విచ్, ప్లాస్టిక్ హోల్డర్ ఆ వేడికి కరిగిపోవడం మామూలే.

ఆ పసుపు రంగు చాలాసార్లు ఓల్టేజీ తరుగు వల్ల వస్తుంది. ఇంజన్ ఆన్ చేసి, లైట్లు వేసి, మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర కొలవండి. తర్వాత బల్బు హోల్డర్ వెనక పిన్నుల దగ్గర, బల్బు వెలుగుతుండగానే. బ్యాటరీ దగ్గర 13.8, బల్బు దగ్గర 12.4 ఉంటే పోయింది పది శాతమే కదా అనుకుంటాం. కానీ హాలోజన్ వెలుగు ఓల్టేజీకి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది. అంటే 30 శాతం వెలుగు పోయినట్టు.

అర ఓల్టు కన్నా ఎక్కువ తరుగుంటే ముందు ఎర్త్ పాయింటు తుప్పు గీకి బిగించండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ తగ్గకపోతే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) వైరింగ్ వేయించండి. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి, 30 ఆంపియర్ల రిలేలు. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. బ్యాటరీకి జానెడు లోపే 20 ఆంపియర్ల ఫ్యూజు. సిరామిక్ హోల్డర్లు. బల్బు మాత్రం అదే 60/55.

ఇక్కడ ఎలక్ట్రీషియన్లు తడబడే చోటు ఒకటుంది. కొన్ని కార్లలో, ముఖ్యంగా జపాన్ డిజైన్లలో, స్విచ్ పాజిటివ్‌ను కాదు, ఎర్త్‌ను కలుపుతుంది. హోల్డర్ ఉమ్మడి పిన్నులో ఎప్పుడూ 12 ఓల్టులు ఉంటాయి. రెడీమేడ్ కిట్‌లో రిలే కాయిల్ ఒక కొస బాడీకి ఎర్త్ చేసి ఉంటే అలాంటి కారులో లైట్లు వెలగవు, లేదా డిమ్, బ్రైట్ కలిసిపోతాయి. కాయిల్ రెండు కొసలూ పాత హోల్డర్ పిన్నుల మధ్యే కలపాలి.

ప్రశ్న: హెడ్‌లైటు లెవల్ ఇంట్లో చూసుకోవచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. బల్బు మీద పెట్టే డబ్బు కన్నా ఇది ఎక్కువ ఫలితమిస్తుంది.

చదునైన నేల, ఎదురుగా నిటారు గోడ కావాలి. టైర్ల గాలి సరిచేయండి, డిక్కీ ఖాళీ చేయండి, డ్రైవర్ సీటులో ఒకరిని కూర్చోబెట్టండి. డ్యాష్‌బోర్డు మీది లెవలింగ్ చక్రం సున్నా దగ్గర పెట్టండి. కారును గోడకు ఆనించినంత దగ్గరగా తెచ్చి, ఒక్కో డూము నడిమి బిందువుకు ఎదురుగా గోడ మీద టేపుతో కూడిక గుర్తు వేయండి. తర్వాత తిన్నగా వెనక్కి, లైటు నుంచి గోడకు సరిగ్గా 5 మీటర్లు వచ్చేదాకా.

డూము మీదో బానెట్ కిందో 1.0 శాతం, 1.2 శాతం లాంటి అంకె ఉంటుంది. ఒక శాతమంటే 5 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు. కూడిక గుర్తుకు అంత కిందుగా అడ్డంగా టేపు వేయండి. డిమ్ వేసి, ఒక లైటును గుడ్డతో కప్పి, రెండోదాన్ని చూడండి. గుడ్డను నిమిషాల తరబడి ఉంచకండి, ప్లాస్టిక్ అద్దం వేడెక్కుతుంది. కటాఫ్ గీత కుడివైపు టేపు మీద అడ్డంగా ఉండి, గుర్తుకు సూటిగా కింద విరిగి, అక్కడి నుంచి ఎడమవైపు పైకి లేవాలి. డూము వెనక ఉండే రెండు స్క్రూలలో ఒకటి ఎత్తుకు, ఒకటి పక్కలకు. పావు మలుపు చొప్పున తిప్పండి. హెచ్4 డూములో డిమ్ సరిచేస్తే బ్రైట్ దానంతటదే సరిపోతుంది.

నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున్న లైటు ఒక శాతం వంపుతో 65 మీటర్లు చూపిస్తుంది. రెండు శాతం కిందికి ఉంటే 32 మీటర్లే. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. తేడా ఎంతో మీరే లెక్కేసుకోండి. పెళ్లికి ఐదుగురు, డిక్కీ నిండా సామానుతో బయల్దేరినప్పుడు ఆ లెవలింగ్ చక్రాన్ని రెండుకో మూడుకో తిప్పండి. ఏళ్ల తరబడి దాన్ని ముట్టనివాళ్లే ఎక్కువ.

ప్రశ్న: ఫ్యాక్టరీ జినాన్ ఉన్న పాత సెడాన్ కొన్నాను. కుడి లైటు కాసేపు వెలిగి గులాబీ రంగుకు తిరిగి ఆరిపోతోంది. (విశాఖపట్నం)

జవాబు: గులాబీ రంగు ముసలి బల్బు లక్షణం. నిర్ధారణకు లైట్లు ఆపి, చల్లారాక, బ్యాటరీ నెగటివ్ తీసి, ఎడమ, కుడి బల్బులు మార్చి చూడండి. జబ్బు బల్బుతోపాటు ఎడమకు వెళ్తే బల్బు, కుడివైపే ఉండిపోతే బ్యాలస్ట్ లేదా దాని కనెక్టర్. గాజును చేత్తో ముట్టకండి. పాత బల్బు మీది కోడ్ చూసే కొనండి. డీ1ఎస్ 85 ఓల్టులది, డీ3ఎస్ పాదరసం లేని 42 ఓల్టులది, ఒకదాని బదులు ఒకటి పనికిరాదు. బల్బులు జతగా మార్చండి, లేకపోతే రెండు కళ్లూ రెండు రంగుల్లో ఉంటాయి. లైట్లు రెండూ నేల చూపులు చూస్తుంటే బల్బును అనుమానించకుండా సస్పెన్షన్ దగ్గరి లెవల్ సెన్సార్ లింకు విరిగిందేమో చూడండి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. సెకండ్ హ్యాండ్ కారుకు హెచ్ఐడీ కిట్ వేసి ఉంది. ఎంఓటీ (ఇక్కడ కార్లకు ఏటా చేసే ఫిట్‌నెస్ టెస్టు) పాసవుతుందా? (లెస్టర్)

జవాబు: హాలోజన్ డూములో హెచ్ఐడీ బల్బు ఉంటే ఫెయిల్ చేస్తారు. 1986 ఏప్రిల్ 1కి ముందు రోడ్డెక్కిన కార్లకే మినహాయింపు. టెస్టుకు ముందే హాలోజన్ బల్బులు తిరిగి వేయించండి. కిట్ కోసం బల్బు వెనక మూతకు రంధ్రం చేసి ఉంటే మూత కూడా మార్చాలి, లేదంటే డూములోకి నీరు దిగుతుంది.

ప్రశ్న: హెడ్‌లైటు అద్దాలు పసుపెక్కాయి. టూత్‌పేస్టుతో రుద్దితే పోతుందంటున్నారు. (తిరుపతి)

జవాబు: పోతుంది, కొద్ది వారాలకు తిరిగొస్తుంది. ఎండకు పైపూత చచ్చిపోవడం వల్ల పసుపెక్కుతుంది. చుట్టూ పెయింటుకు మాస్కింగ్ టేపు వేసి, నీళ్లు చల్లుతూ 1000, 1500, 2000, 3000 నంబరు గరుకు కాగితాలతో వరసగా రుద్దండి, తర్వాత పాలిష్. ఆఖర్న యూవీ క్లియర్ కోటు కొట్టకపోతే పడ్డ కష్టమంతా వృథా.