పార్ట్‌టైమ్ జీతం మీద ఫీజు లెక్క వేయకండి

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. విదేశాల్లో ఎమ్మెస్ చేసి, అక్కడే కొన్నేళ్లు ఉద్యోగం చేయాలని పట్టుదలగా ఉన్నాడు. పార్ట్‌టైమ్ చేసుకుంటే ఫీజు వెళ్లిపోతుందని, చదువు అవగానే వర్క్ వీసా వచ్చేస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. మొదటి ఏడాదికి మేం కట్టగలం, ఆ తర్వాత తను చూసుకుంటానంటున్నాడు. ఏ దేశానికి అప్లై చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: ఏ దేశమో తర్వాత చూద్దాం. మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టిన మాట ‘ఆ తర్వాత తను చూసుకుంటాడు’ అన్నది. మీ అబ్బాయి ఆ మాట నిజాయితీగానే అని ఉంటాడు. కానీ అక్కడి చట్టాలు తనను అంత సంపాదించనివ్వవు.

బ్రిటన్‌నే తీసుకోండి. డిగ్రీ, ఆపై కోర్సులు చదివే విదేశీ విద్యార్థి తరగతులు నడిచే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. 21 ఏళ్లు నిండినవాళ్లకు కనీస వేతనం 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71 పౌండ్లు. ఏడాది పొడవునా ఒక్క వారం కూడా మానకుండా, పరీక్షలప్పుడు కూడా వదలకుండా 20 గంటలూ చేసినా నెలకు వచ్చేది దాదాపు 1,100 పౌండ్లు. వీసా ఇచ్చేటప్పుడు అక్కడి ప్రభుత్వం లండన్ బయట ఉండేవాళ్లకు నెలకు 1,171 పౌండ్లు, లండన్‌లో అయితే 1,529 పౌండ్లు ఖర్చవుతుందని లెక్క కట్టి, తొమ్మిది నెలల వరకు ఆ డబ్బు ముందే చూపించమంటుంది. అంటే అనుమతి ఉన్న గంటలన్నీ పనికే పెట్టినా అద్దెకూ తిండికీ చాలదు. ఇక ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? వేసవి సెలవుల్లో ఎక్కువ గంటలు చేస్తాడులే అనుకోవద్దు. ఏడాది ఎమ్మెస్సీ వాళ్లకు వేసవి అంటే డిసర్టేషన్ (పరిశోధన నివేదిక) రాసే కాలం. అది చాలా యూనివర్సిటీల్లో సెలవు కింద రాదు.

అమెరికాలో ఇంకా కట్టుదిట్టం. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లు చదువు నడిచేటప్పుడు క్యాంపస్ లోపలే, వారానికి 20 గంటల వరకే చేయాలి. బయట ఎక్కడైనా చేయాలంటే ముందుగా అనుమతి ఉండాలి. అనుమతి లేకుండా చేతికి డబ్బు తీసుకుని చేసే పని బయటపడితే చదువు, వీసా రెండూ పోతాయి. కెనడాలో క్యాంపస్ బయట వారానికి 24 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు కలిపి 48 గంటలు, జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు. పార్ట్‌టైమ్‌తో చేతిఖర్చులు వెళ్తాయి, అనుభవం వస్తుంది. అంతకుమించి దాని మీద భారం వేయకండి. కోర్సు మొత్తానికి డబ్బు ఎక్కడిదో తేలకుండా మొదటి ఏడాది ఫీజుతో పంపితే, రెండో ఏడాదికి పిల్లవాడు చదువు మధ్యలో చిక్కుకుంటాడు. అలా చిక్కుకుని, ఇంట్లో చెప్పలేక, రాత్రుళ్లు పని చేసి పగలు క్లాసులో నిద్రపోయిన పిల్లలతో నేను ఫోన్‌లో మాట్లాడాను. మీ అబ్బాయికి ఆ పరిస్థితి రావద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ‘వర్క్ వీసా వచ్చేస్తుంది’ అన్న మాట. చదువయ్యాక దొరికే అవకాశం దేశాన్ని బట్టే కాదు, కోర్సును బట్టి కూడా ఉంటుంది. ఇదొక్కటి తెలిస్తే సగం తప్పులు తప్పుతాయి.

అమెరికాలో ఎమ్మెస్ అయ్యాక ఓపీటీ పేరుతో 12 నెలలు పని చేయొచ్చు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలల పొడిగింపుకు వీలుంటుంది. అయితే స్టెమ్ అవునో కాదో తేల్చేది కోర్సు పేరు కాదు, సీఐపీ కోడ్, అంటే ఆ కోర్సు ఏ రకానిదో చెప్పే సంఖ్య. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారంలో ఆ కోడ్ ఉంటుంది. ఒకేలాంటి పేరున్న రెండు కోర్సులకు వేర్వేరు కోడ్‌లు ఉండొచ్చు. ముఖ్యంగా మేనేజ్‌మెంట్, అనలిటిక్స్ కలిపి నడిపే కోర్సుల్లో ఇది బాగా చూసుకోవాలి. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి చేరిన మూడు నెలలకు గానీ తన కోర్సు స్టెమ్ కాదని తెలుసుకోలేదు. అడ్మిషన్ తీసుకునే ముందు ఒక్క మెయిల్ పెట్టి ఉంటే సరిపోయేది.

ఓపీటీలో కూడా షరతులున్నాయి. ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు. దరఖాస్తు కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు చేయాలి. పొడిగింపు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి. చదువుకునేటప్పుడే సీపీటీ (కోర్సులో భాగంగా బయట పని చేసే అనుమతి) మీద ఫుల్‌టైమ్‌గా 12 నెలలు చేసేస్తే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ హక్కే పోతుంది. ‘మొదటి రోజు నుంచే సీపీటీ’ అని ఊరించే కాలేజీల జోలికి వెళ్లవద్దంటాను. ఇక ఓపీటీ అయ్యాక కావాల్సింది హెచ్-1బీ అనే వర్క్ వీసా. ప్రైవేటు కంపెనీల కోటా ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ లేదా అంతకు మించి చదివినవాళ్లకు అదనంగా 20,000. అడిగేవాళ్లు అంతకంటే ఎక్కువగా ఉంటారు కాబట్టి ఎంపిక తప్పదు. దాన్ని ‘వచ్చేస్తుంది’ అని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మెకానికల్ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అమెరికాలో విమానయానం, రక్షణ రంగాల్లోని చాలా ఉద్యోగాలు ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు వంటివారికే దొరుకుతాయి. ఏరోస్పేస్ మీద మోజుతో వెళ్లేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

బ్రిటన్‌లో చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పుడు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు, పీహెచ్‌డీ వాళ్లకు తప్ప, అది 18 నెలలే. 2026 సెప్టెంబరులోనే చేరినా చదువు ముగిసేది 2027లో కాబట్టి మీకు వర్తించేది ఈ 18 నెలల లెక్క. కెనడాలో మాస్టర్స్ డిగ్రీ రెండేళ్లకు తక్కువైనా, కనీసం 8 నెలలదైతే, మూడేళ్ల వర్క్ పర్మిట్‌కు వీలుంది. కానీ విదేశీ విద్యార్థులను చేర్చుకునే ప్రతి కాలేజీకీ ఆ హక్కు లేదు. ‘ఈ ప్రోగ్రామ్ చదివితే పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్‌కు అర్హత ఉందా’ అని పేరు పెట్టి అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

నన్నడిగితే, మీ అబ్బాయి మెకానికల్‌లోనే ఉండాలనుకుంటే ముందు జర్మనీని చూడమంటాను. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు ఉంది, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఫీజు తీసుకుంటోంది. ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. తను నెలకు 992 చొప్పున తీసుకోవచ్చు. చదువయ్యాక తగిన ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు నివాస అనుమతి ఇస్తారు. మీ చేతిలో ఉన్న డబ్బుకు ఇది సరిపడే దారి.

కాకపోతే భాష. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా ఫ్యాక్టరీలో, డిజైన్ విభాగంలో మాట్లాడేది జర్మనే. అక్కడికి వెళ్లాక నేర్చుకుంటాను అనేవాళ్లలో చాలామంది సెమిస్టర్ ఒత్తిడిలో నేర్చుకోలేకపోతారు. ఈ నెలలోనే జర్మన్ భాషలో మొదటి స్థాయి ఏ1 మొదలుపెట్టి, బయల్దేరే నాటికి మూడో స్థాయి బీ1 దాకా వెళ్లగలిగితే ఇంటర్న్‌షిప్‌లకు దారి తెరుచుకుంటుంది. భాష మీద మనసు లేదంటే జర్మనీ వద్దు, ఆ మాట తననే ఆలోచించుకుని చెప్పమనండి.

అప్లికేషన్ విషయానికొస్తే, చేరడానికి ఏడాది ముందు మొదలుపెట్టాలి. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్టీఎస్ స్కోరు రెండేళ్లు, పీజీ ప్రవేశ పరీక్ష జీఆర్ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి పరీక్షలు ముందే రాసేయొచ్చు. ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నాడో చెప్పే వ్యాసం) మాత్రం తన చేత్తో తనే రాసుకోవాలి. ‘చిన్నప్పటి నుంచి యంత్రాలంటే ఇష్టం’ అని మొదలయ్యేవి వందలు చదివాను, ఒక్కటీ గుర్తు లేదు. చివరి ఏడాది ప్రాజెక్టులో ఏ భాగం పనిచేయలేదు, దాన్ని ఎలా సరిచేశాడు, ఆ అనుభవం తనను ఈ కోర్సు దాకా ఎలా తెచ్చింది – ఇవి రాస్తే చాలు. సిఫార్సు లేఖలు కూడా పదవి పెద్దదని కాకుండా, తన పని దగ్గరగా చూసిన టీచరు దగ్గర తీసుకోవాలి.

కన్సల్టెన్సీని పూర్తిగా వద్దనను. కాగితాల పనిలో సాయపడే మంచివాళ్లు ఉన్నారు. కానీ చాలామందికి యూనివర్సిటీల నుంచి కమీషన్ వస్తుంది, అందుకే కొన్ని పేర్లే పదే పదే వినిపిస్తాయి. ‘ఈ యూనివర్సిటీ నుంచి మీకు కమీషన్ ఉందా’ అని నేరుగా అడగండి, తప్పేం లేదు. బ్యాంకు కాగితాలు, అనుభవ పత్రాలు ‘మేం చూసుకుంటాం’ అన్నవాళ్ల దగ్గర మాత్రం ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. దొంగ కాగితం పట్టుబడితే ఏళ్ల తరబడి నిషేధం పడేది మీ అబ్బాయి మీదే.

ఈ వారం మీరిద్దరూ కూర్చుని కోర్సు మొత్తం ఫీజు, మొత్తం ఖర్చు, చేతిలో ఉన్న డబ్బు ఒక కాగితం మీద రాయండి. పార్ట్‌టైమ్ ఆదాయం దగ్గర సున్నా వేయండి. ఆ సున్నాతో కూడా లెక్క కుదిరే కోర్సులు నాలుగైదు దొరికితే వాటి పేర్లు రాసి పంపండి. వాటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది కలిసి చూద్దాం.