ఎనిమిది స్విచ్‌ల లెక్కకి ఎనిమిది మాడ్యూల్ బాక్స్ సరిపోతుందా? మా ఇంట్లో సరిపోలేదు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: రాజాం దగ్గర సొంత ఇల్లు, స్లాబ్ అయిపోయింది, వచ్చే వారం స్విచ్‌బోర్డు బాక్స్‌ల కోసం గోడ కటింగ్. ఎలక్ట్రీషియన్ ‘మీరు ఏ సైజు బాక్స్ తెస్తే అదే పెట్టేస్తాను’ అంటున్నాడు. షాపులో ఎన్ని స్విచ్‌లో చెప్పమంటున్నారు. అమెరికాలో ఉన్న బావగారేమో అక్కడి వీడియో పంపి, బాక్స్ సైజు ఘనపుటంగుళాల్లో లెక్కకట్టాలంటున్నారు. ఏ లెక్క పట్టుకోవాలి? బాక్స్ జీఐ (జింకు పూత ఉన్న ఇనుప రేకు) దా, పీవీసీదా? దాంతోపాటు తెచ్చే సామాన్ల లిస్టు కూడా పెట్టారు.

రెండూ పట్టుకోవాలండి. షాపువాళ్లది ప్లేటు ముందు వైపు లెక్క, బావగారిది వెనక వైపు లెక్క. రెండిట్లో ఏది పెద్ద సైజు అడిగితే ఆ బాక్స్ తెచ్చుకోవాలి. నేను మొదటి లెక్క ఒక్కటే వేసుకుని దెబ్బతిన్నాను.

ముందే చెప్తున్నాను, నేను ఎలక్ట్రీషియన్‌ని కాదు. 2019లో విజయనగరం శివార్లలో ఇల్లు కట్టుకున్నప్పుడు కరెంటు సామాన్ల లిస్టు మొత్తం నేనే రాశాను, అంతే. పొడుగు నోట్‌బుక్‌లో గదికో పేజీ. మాడ్యూల్ అంటే ప్లేటు మీద ఒక స్విచ్ పట్టే గడి. స్విచ్‌కి ఒక మాడ్యూల్, సాకెట్‌కి రెండు, ఇలా. బెడ్‌రూమ్ పెద్ద బోర్డుకి ఐదు స్విచ్‌లు, ఒక సాకెట్, ఒక ఫ్యాన్ రెగ్యులేటర్. రెండు మాడ్యూళ్ల రెగ్యులేటర్ పెడితే మొత్తం తొమ్మిది అవుతోంది. అందుకని ఒక్క మాడ్యూల్‌లో పట్టే రెగ్యులేటర్ వెతికి మరీ తెచ్చి, లెక్కని సరిగ్గా ఎనిమిదికి దింపాను. ఒక్క డమ్మీ (ఖాళీ గడికి పెట్టే మూత) కూడా లేకుండా బోర్డు నిండుగా వచ్చిందని చుట్టాలకి చూపించాను కూడా.

వైరింగ్ చేసినాయన పాలకొండ వైపు మనిషి. ప్లేటు బిగించే ముందు ఒక్క మాటన్నాడు: “బాక్సు సిన్నదైపోనాది బావూ. ఇరికించీగలను గానీ, రేపు ఎవుడిప్పినా నన్నే తిడతాడు.” గృహప్రవేశం వారంలో ఉంది. ఇరికించమన్నాను. స్క్రూడ్రైవర్ పిడితో వైర్లని లోపలికి అదిమి, అరచేత్తో ఫ్రేమ్‌ని నొక్కిపట్టి, స్క్రూలు ఎక్కించాడు. పెళ్లికి బయల్దేరే రోజు ట్రంకుపెట్టె మూత మీద కూర్చుని గడియ పెడతామే, అలాగ.

రెండేళ్లు ఏమీ కాలేదు. మూడో ఏడు కార్తీక మాసంలో మొదలైంది. తెల్లవారుజామున మా ఆవిడ తలస్నానానికి గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోయి ఇల్లంతా చీకటి. ఇంకెవరిని అనుమానిస్తాం, గీజర్‌నే. ముందు ఎలిమెంట్ మార్చాం, తర్వాత గీజరే మార్చేశాం. కొత్తది పెట్టిన మూడో రోజే మళ్లీ పడింది. ఒకసారి ఇస్త్రీ పెట్టె పెట్టినప్పుడు, ఒకసారి మోటార్ వేసినప్పుడు. మధ్యాహ్నం ఫ్యాను ఒక్కటే తిరుగుతుంటే మాత్రం ఏమీ లేదు.

చివరికి ఆ పాలకొండాయన్నే పిలిపించాను. ఎంసీబీలు (లోడ్ మించినా, షార్ట్ అయినా పడిపోయే స్విచ్‌లు) ఒక్కోటీ దింపి చూశాను, అయినా పడుతోందని చెప్పాను. ఆయన నవ్వాడు. సింగిల్ పోల్ ఎంసీబీ దింపితే తెగేది ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) ఒక్కటే, న్యూట్రల్ (వెనక్కి తీసుకెళ్లే వైరు) తగులుకునే ఉంటుంది. మెయిన్ ఆపి, న్యూట్రళ్లన్నీ కలిసే పట్టీ మీంచి ఒక్కో గది వైరూ విప్పుతూ, మళ్లీ మెయిన్ వేసి గీజర్ పెట్టి చూశాడు. బెడ్‌రూమ్ న్యూట్రల్ విప్పాక పడలేదు.

మెయిన్ మళ్లీ ఆపి, టెస్టర్ పెట్టి చూసి, బెడ్‌రూమ్ ప్లేటు తీశాడు. స్క్రూలు సగం వదులయ్యేసరికే వైర్లు ఫ్రేమ్‌ని బయటికి తోసేశాయి. కింది మూల స్క్రూ ఎక్కే చెవి దగ్గర ఒక నల్ల వైరు, అంటే న్యూట్రల్, స్క్రూ మొనకీ బాక్స్ రేకుకీ మధ్య నలిగి ఉంది. ఇన్సులేషన్ నువ్వుగింజంత మేర లేచిపోయి రాగి మెరుస్తోంది. జీఐ బాక్స్ కాబట్టి దానికి ఎర్త్ ఉంది. అక్కడ నలిగింది ఫేజ్ అయ్యుంటే రాగి రేకుకి తగలగానే ఠప్‌మని ఆర్‌సీసీబీ పడి సంగతి తేలిపోయేది. న్యూట్రల్ కాబట్టి దొంగలా దాక్కుంది. వెనక్కి వెళ్లే కరెంటులో కొంత ఆ గాటు దారిన ఎర్త్‌లోకి పోతోంది. లోడ్ తక్కువున్నప్పుడు అది కొంచెమే, గీజర్‌లాంటిది వేస్తే 30 మిల్లీ ఆంపియర్లు దాటి ఆర్‌సీసీబీ తన పని తాను చేస్తోంది. పాపం గీజర్.

ఇప్పుడు మీ బావగారి లెక్కకి వస్తాను. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో దాన్ని బాక్స్ ఫిల్ అంటారు. 14 గేజ్ తీగ (గేజ్ అంటే మందం నంబరు, నంబరు పెరిగితే తీగ సన్నం) అయితే ఒక్కోదానికి 2 ఘనపుటంగుళాల చోటు ఉండాలి, 12 గేజ్ అయితే 2.25. బయటినుంచి లోపలికి వచ్చి జాయింట్ అయ్యే ప్రతి తీగా ఒకటి. ఎర్త్ తీగలు నాలుగు దాకా ఎన్నున్నా కలిపి ఒకటే. స్విచ్‌ని మోసే పట్టీకి రెండు. బాక్స్‌లోనే మొదలై బాక్స్‌లోనే ముగిసే జంపర్ ముక్కల్ని లెక్కపెట్టరు. మన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మందంలో వాళ్ల 14కీ 12కీ మధ్య వస్తుంది, మన 1.5 వైరు 14 గేజ్ కన్నా సన్నం. 2 ఘనపుటంగుళాలంటే దాదాపు 33 మిల్లీలీటర్లు.

అది మన దేశం రూలు కాదు, మన మాడ్యులర్ స్విచ్‌లు వాళ్ల స్విచ్‌ల్లా ఉండవు. కాబట్టి అంచనాకే వాడుకోండి. ప్లేటు విప్పి ఉండగానే నా బోర్డుకి ఆ లెక్క వేసి చూశాను. వచ్చే ఫేజ్, న్యూట్రల్ రెండు. పక్క బోర్డుకి పోయేవి రెండు. ఫ్యాన్‌కి రెండు. రెండు ట్యూబ్‌లైట్లకి రెండు ఫేజ్‌లు, ఒక న్యూట్రల్. బెడ్‌లైట్‌కి రెండు, బాల్కనీ లైటుకి రెండు. మంచం పక్క టూ వే స్విచ్‌కి (ఒకే లైటుని రెండు చోట్ల నుంచి వేసే స్విచ్) వెళ్లేవి రెండు. ఎర్త్‌లన్నీ కలిపి ఒకటి. మొత్తం 16. వాళ్ల సింగిల్ స్విచ్ బాక్స్ వెడల్పు సుమారు రెండంగుళాలు కాబట్టి, మన ప్లేటు పొడుగుని నాలుగు పట్టీలకింద లెక్కేసి నాలుగు రెళ్లు ఎనిమిది కలిపాను. 24. ఇంటూ 33 అంటే 792 మిల్లీలీటర్లు.

అదే కంపెనీ ఎనిమిది మాడ్యూల్ బాక్స్ ఒకటి అటకమీద మిగిలి ఉంది. కన్నాలకి టేప్ అంటించి, వంటింటి కొలత గ్లాసుతో బియ్యం పోశాను. 680 దగ్గర నిండిపోయింది. (ఆ బియ్యం మళ్లీ డబ్బాలో పొయ్యనివ్వలేదు మా ఆవిడ.) అంటే ముందు వైపు లెక్కకి అచ్చంగా సరిపోయిన బాక్స్, వెనక వైపు లెక్కకి వంద మిల్లీలీటర్లకి పైగా తక్కువ. లోపలి పొడుగు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో కొలిచి గుణించినా మిల్లీలీటర్లే వస్తాయి. అప్పటికి నాకు ఆ ఆలోచన తట్టలేదు.

ఇందులో ఇన్వర్టర్ లేదు, గమనించండి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇన్వర్టర్ వద్దనుకునే ఇల్లు ఎక్కడుంది? 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూశాక అసలు లేదు. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలు ఎలా పడిపోయాయో మీకూ గుర్తుండే ఉంటుంది. ఇన్వర్టర్ లైను వస్తే లైటు, ఫ్యాను ఉన్న బోర్డులన్నిటికీ ఇంకో ఫేజ్ వైరు వస్తుంది. ఆ సర్క్యూట్ల న్యూట్రల్‌ని మిగతావాటితో కలపకుండా విడిగా తెస్తే అదింకో వైరు. కలిపేస్తే ఆర్‌సీసీబీతో పేచీ తప్పదు. ఇన్వర్టర్ రేపు కొన్నా, ఆ రెండు వైర్లని లెక్కలో ఇవాళే వేసుకోండి. ‘అప్పుడు చూద్దాం’ అంటే అప్పటికి బాక్స్ సిమెంటులో ఉంటుంది.

నేను చేసిన రెండో తప్పు లోతుది. హాలుకీ పిల్లల గదికీ మధ్య నాలుగున్నర అంగుళాల గోడ. హాలు వైపు టీవీ బోర్డు, దాని వెనకే పిల్లల గది బోర్డు పెట్టించాను, పైపు కలిసొస్తుందని. నాలుగున్నర అంగుళాలంటే 114 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల లోతు బాక్స్‌లు వీపూ వీపూ ఆనించి పెడితే మధ్యలో మిగిలేది బొటనవేలంత కూడా లేదు. కటింగ్ చేస్తుండగానే ఇటుక అటువైపు రాలిపోయింది. దాన్ని సిమెంటుతో పూడ్చారు గానీ, టీవీలో మాటలు పిల్లల గదిలోకి ఇప్పటికీ ఆ చోటినుంచే వినిపిస్తాయి. రెండు బోర్డుల మధ్య పక్కకి ఒక జానెడు ఎడం పెట్టుంటే పోయేది. గోడ పలచనని బాక్స్ లోతు మాత్రం తగ్గించకండి. ఏసీకి, గీజర్‌కి వేసే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లోతు లేని బాక్స్‌లో మెలి తిరగదు, తోస్తే టెర్మినల్ దగ్గర జాయింట్ వదులవుతుంది. వదులు జాయింట్ వేడెక్కుతుంది, మిగతాది మాడిపోయిన సాకెట్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ప్లాస్టరింగ్ మందం మర్చిపోవద్దు. ఇటుక గోడకి సమానంగా బాక్స్ బిగించేస్తే, ప్లాస్టరింగ్ అయ్యాక అది అరంగుళం లోపలికి పోయి, ప్లేటు స్క్రూలు అందవు. తాపీమేస్త్రి ఎంత మందం వేస్తాడో అడిగి, అంత బయటికి ఉంచి బిగించమనండి.

వైరు ఎంత వదలాలన్నదానికి మా పాలకొండాయన లెక్క జానెడు. పొట్టిగా కోస్తే స్విచ్ బయటికి లాగి బిగించడానికి అందదు, మూరెడు వదిలితే పెద్ద బాక్స్ కూడా ఇరుకవుతుంది.

జీఐయా, పీవీసీయా అన్నారు. మీ ఊరు సముద్రానికి దూరం, ఏదైనా పర్వాలేదు. భీమిలి, కళింగపట్నం లాంటి చోట్లయితే ఉప్పుగాలికి రేకు చెవులు తుప్పుపట్టి స్క్రూ మరలు పోతాయి కాబట్టి నేనైతే మంచి పీవీసీ తీసుకుంటాను. జీఐ పెడితే ప్రతి బాక్స్‌కీ ఎర్త్ కలిపారో లేదో దగ్గరుండి చూసుకోండి. స్లాబ్ ఎలాగూ అయిపోయింది కాబట్టి సీలింగ్ బాక్స్‌ల గురించి చెప్పి లాభం లేదు. మెయిన్ ఎంసీబీ బాక్స్‌కి కూడా ఇదే జబ్బు ఉంది: సింగిల్ పోల్ ఎంసీబీకి ఒక చోటు, ఆర్‌సీసీబీకి రెండు, డబుల్ పోల్ ఐసోలేటర్‌కి (ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపే మెయిన్ స్విచ్) రెండు. ఎంసీబీలు ఎనిమిదే కదా అని ఎనిమిది వే (ఎనిమిది చోట్ల) బాక్స్ తెచ్చి, ఆర్‌సీసీబీని బయట విడిగా బిగించినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

మా బెడ్‌రూమ్ బాక్స్ పీకించి పన్నెండు మాడ్యూల్‌ది పెట్టించాను. నాలుగు డమ్మీలు, వెనక వేలు పెట్టి తిప్పేంత చోటు. బాక్స్ ధరలో తేడా పదుల రూపాయలే. గ్రైండర్‌తో గోడ కోయడం, సిమెంటు, పెయింటు కలిసి వేలల్లో అయింది, ఆ పెయింటు రంగు కలవక చుట్టూ ఇంకా మచ్చ కనిపిస్తుంది. మంచం మీద పరుచుకున్న ఎర్రదుమ్ము సంగతి వేరే.

మీ లిస్టులో వంటగదికి ఆరు మాడ్యూల్ బాక్స్ ఒక్కటే రాశారు. 16 ఆంపియర్ల సాకెట్‌కి రెండు, దాని స్విచ్‌కి ఒకటి, అంటే ఆరింట్లో రెండు సెట్లే పడతాయి. మిక్సీ, గ్రైండర్, ఫిల్టర్, ఇండక్షన్ స్టవ్, ఫ్రిజ్ అని మీరే రాశారు. ఫ్రిజ్‌కి దాని వెనకే విడిగా ఒకటి, గట్టుకి రెండు వైపులా ఎనిమిది మాడ్యూళ్లవి ఒక్కోటి పెట్టి, ఒక్కో దానికి వచ్చే వైర్లు రాసి ఇక్కడ పెట్టండి. కటింగ్ మొదలయ్యేలోపు చూసి చెప్తాను.