అప్పు లక్షా ఇరవై వేలు, ప్రమాద బీమాకి సున్నా

ప్రశ్న: మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె. నాకు 24 ఏళ్లు. డిగ్రీ మధ్యలో ఆపి నాన్నతో పాటు కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కుతున్నాను. హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ ఉన్నారు. అపార్ట్‌మెంట్లలో, కంపెనీ ఆవరణల్లో పెద్ద చెట్ల కొమ్మలు కొట్టించి తాళ్లతో కిందికి దించుతారు. జూన్ నుంచి ఆరు నెలలు టీంలోకి రమ్మంటున్నారు. హైదరాబాద్, బెంగళూరు, గోవా తిరగాలి. తిండి, పడక, వ్యాను వాళ్లవే. పని ఉన్న రోజుకు 900. పని నేర్చుకుని వచ్చి హనుమకొండలో సొంతంగా చేసుకోవాలని ఉంది. చెట్టెక్కే గేర్‌కి 55 వేలు, సెకండ్ హ్యాండ్ బండికి 45 వేలు, చేతి ఖర్చుకు 20 వేలు కావాలి. తెలిసిన ఫైనాన్స్‌లో నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. తక్కువ పడితే లోన్ యాప్ ఉంది. బ్యాంకులో 18 వేలున్నాయి. లక్ష రూపాయల చిట్టీలో నెలకు 5 వేల చొప్పున, 20 నెలలకు గాను ఫిబ్రవరి నాటికి 8 కట్టాను. ఇంటికి నెలకు 8 వేలు పంపాలి. ఫైనాన్స్ మంచిదా, చిట్టీ పాడుకోవడం మంచిదా? వెయ్యి రూపాయలతో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టేది) మొదలుపెట్టొచ్చా?

జవాబు: ఫైనాన్స్ వద్దు, ఇప్పుడే చిట్టీ పాడటమూ వద్దు. వెళ్లడం మాత్రం మంచిదే. ఊళ్లో కూర్చుంటే ఈ పని రాదు. పది రకాల చెట్లు, నలుగురు పనిమంతులు ఉన్న చోటికి వెళ్తేనే వస్తుంది.

మీ ఉత్తరంలో గేర్ ఉంది, బండి ఉంది, సిప్ కూడా ఉంది. కింద పడితే ఏం చేస్తారో మాత్రం ఒక్క ముక్క లేదు. ఒంటి కష్టం మీద బతికేవాళ్లు రాసే ఉత్తరాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. బోరు బండి మీద పనిచేసేవాళ్లయినా, సెంట్రింగ్ పనివాళ్లయినా పనిముట్టుకు అప్పు చేస్తారు కానీ ఆ పనిముట్టు పట్టుకునే చేతికి రక్షణ కొనరు. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

ముందు మీ అంకెలే చూద్దాం. నెలలో 18 రోజులు పని దొరికిందనుకుంటే 16,200 వస్తాయి. వానాకాలంలో అంతకంటే ఎక్కువ రోజులు దొరుకుతాయని నేను అనుకోను. ఫోను, టీ, చిల్లర ఖర్చులకు 3 వేలు, ఇంటికి 8 వేలు, చిట్టీకి 5 వేలు పోతే మిగిలేది 200 రూపాయలు. ఇక ఫైనాన్స్ వాళ్ల వడ్డీ నెలకు 3,600. అంటే ఒంట్లో బాగుండి పనికి వెళ్లిన నెలలో కూడా మీకు 3,400 తక్కువ పడుతుంది. ఆ లోటు పూడ్చడానికే యాప్ నొక్కుతారు. ఆరు నెలల్లో 21,600 వడ్డీ కట్టాక కూడా అసలు 1.20 లక్షలు అలాగే ఉంటుంది. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. తెలిసినవాళ్లు ఇచ్చినా అది 36 శాతమే. అనుభవం కోసం వెళ్లేవాడు మొదటి రోజు నుంచే వడ్డీ కోసం పనిచేయడం ఏమిటి? వాన పడుతుంటే ఆ రోజు చెట్టెక్కనని చెప్పే ధైర్యం అప్పున్నవాడికి ఉండదు. నాకు అన్నిటికంటే భయం దాని గురించే.

ఇప్పుడు అసలు విషయం. జారి పడి మడమ విరిగిందనుకోండి, మూడు నెలలు చెట్టు ముఖం చూడరు. ఇంటి ఖర్చు, చిట్టీ కలిపి 39 వేలు, ఫైనాన్స్ వడ్డీ ఉంటే ఇంకో 10,800. రోజు కూలీ మీద వెళ్తున్నారు కాబట్టి జీతం ఆగదా అని అడగక్కర్లేదు, ఆగుతుంది.

తాటిచెట్లు ఎక్కినవాణ్నే కదా అంటారు. తాటిచెట్టుకు ఒకటే మాను. అది ఎక్కే మోకు, ముత్తాదు, గుజి మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. కొమ్మలు విస్తరించిన గుల్‌మొహర్ మీదో, వేప మీదో చేతిలో చైన్ రంపంతో నిలబడటం వేరే పని. అక్కడ మిమ్మల్ని మోసే తాడే రంపానికి తగిలి తెగొచ్చు, కొట్టిన కొమ్మ తిరిగి మీ మీదికే రావొచ్చు, పక్కనే కరెంటు తీగ ఉండొచ్చు. లైన్ పక్కన పని అయితే ఎల్సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్‌లో కరెంటు ఆపించడం) తీసుకున్నారో లేదో మీరే అడగండి. కాంట్రాక్టర్ మాట మీద ఎక్కొద్దు.

మీ దగ్గర ఇప్పటికే రక్షణ ఉందనిపించేవి కొన్ని ఉన్నాయి. వాటితోనే చాలామంది మోసపోతారు. గీత కార్మికులకు ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా కల్లు గీసేటప్పుడు జరిగే ప్రమాదాలకు. బెంగళూరులో అపార్ట్‌మెంటు చెట్టు మీద నుంచి పడితే దాన్ని నమ్ముకోలేరు. 2024 జూలైలో మొదలైన కాటమయ్య రక్షణ కవచం కిట్ మీకు అంది ఉంటే మంచిదే, కానీ అది తాటిచెట్లు ఎక్కడం కోసం చేసింది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. అది ఆస్పత్రి బిల్లు చూస్తుంది కానీ మీ అమ్మకు నెలకు 8 వేలు పంపదు. గోవాలో పడితే కార్డు అక్కడ ఎంతవరకు చెల్లుతుందో బయలుదేరే ముందే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ వివరాలు చెప్పే ఆరోగ్యమిత్రను అడిగి రాసుకోండి.

కాబట్టి మొదటి ఖర్చు ప్రమాద బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, వెంటనే చేయించండి. ప్రమాదంలో మరణించినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు ఇస్తుంది. అది మే 31తో ముగుస్తుంది, అంటే మీరు బస్సెక్కే సమయానికే. మే చివరి వారంలో ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే రెన్యూవల్ ఆగిపోయి, బీమా లేకుండానే తొలి చెట్టు ఎక్కుతారు. అయితే కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నందుకు ఈ పథకం పైసా ఇవ్వదు. దానికోసం వేరే వ్యక్తిగత ప్రమాద పాలసీ కావాలి. ఏ సాధారణ బీమా కంపెనీలోనైనా 'సరళ్ సురక్షా బీమా' అని అడగండి. షరతులు అన్ని కంపెనీల్లో ఒకటే. అందులో తాత్కాలిక వైకల్యానికి వారం వారం డబ్బిచ్చే కవర్ ఉంది, బీమా మొత్తంలో వారానికి 0.2 శాతం. 15 లక్షల పాలసీ అయితే వారానికి 3 వేలు. మీ ఇంటికీ చిట్టీకీ కలిపి కావాల్సింది సరిగ్గా అంతే. ఇది అదనపు కవర్, మీరు నోరు తెరిచి అడిగి జత చేయించుకోవాలి. ప్రమాదంలో ఆస్పత్రి ఖర్చు ఇచ్చే కవర్ కూడా అలాగే అదనం, అదీ తీసుకోండి.

ఫారంలో వృత్తి దగ్గర 'వ్యవసాయం' అని రాయించుకోవద్దు. ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్లు చేసే పని ఇది. ఎత్తు మీద, రంపంతో చెట్లు కొట్టే పని అని స్పష్టంగా రాయించండి. ప్రీమియం పెరుగుతుంది, పెరగనివ్వండి. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీకి వెళ్లండి. అబద్ధం రాసిన పాలసీ క్లెయిమ్ రోజున చిత్తు కాగితం.

కాంట్రాక్టర్‌ను కూడా ఒక మాట అడగాలి: వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ (పనిలో దెబ్బ తగిలిన పనివాళ్లకు పరిహారం ఇచ్చే బీమా) ఉందా? ఉందంటే సరిపోదు. కాపీ ఫోటో తీసుకుని గడువు తేదీ, ఎంతమంది పనివాళ్లకు ఉంది, బెంగళూరు, గోవా పనులు కూడా అందులోకి వస్తాయా అని చూడండి. చూపించడానికి నీళ్లు నమిలితే ఆ టీంలోకి వెళ్లకండి. అనుభవం ఇంకో టీంలోనూ దొరుకుతుంది.

బీమా డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఆ లోపు ఇల్లు నడవడానికి 40 వేలు బ్యాంకులో ముట్టుకోకుండా ఉండాలి. 18 వేలు ఉన్నాయి కాబట్టి మార్చి నుంచి మే దాకా కల్లు బాగా పారే మూడు నెలల్లో నెలకు ఏడున్నర వేలు పక్కన పెట్టండి. ప్రీమియం కూడా ఈ మూడు నెలల్లోనే తీయండి, ఈ 40 వేల నుంచి కాదు. అలా కుదరకపోతే జూలైలో వెళ్లండి. చెట్లు ఎక్కడికీ పోవు.

గేర్ ఇప్పుడు కొనొద్దు. ఏ రకం పని చేస్తారో తెలియక ముందే 55 వేలు పెడితే సగం మూలకు పడుతుంది. హెల్మెట్, మంచి బూట్లు మీవి కొనుక్కోండి, మిగతాది టీం ఇవ్వాలి. వాడిన తాడు, బెల్టు మాత్రం ఎవరి దగ్గరా చవకగా వస్తుందని కొనొద్దు, అది ఎన్నిసార్లు బరువు పట్టిందో మీకు తెలియదు. డిసెంబరులో తిరిగొచ్చేసరికి చిట్టీ చివరి నెలల్లో ఉంటుంది, అప్పుడు పాడితే కోత చాలా తక్కువ. ఆ డబ్బుతో గేర్ కొనండి. ఇంకా తక్కువ పడితే ముద్రా శిశు రుణం కింద 50 వేల దాకా బ్యాంకులో అడగండి. కొబ్బరి చెట్ల వైపు వెళ్లాలనుకుంటే కొబ్బరి అభివృద్ధి బోర్డు శిక్షణ, దాని 'కేర సురక్ష' బీమా గురించి కనుక్కోండి. సిప్ వచ్చే ఏడాది మాట.

ఇంకో సంగతి. మీరు లేని ఆరు నెలలు మీ వంతు చెట్లు ఎవరు ఎక్కుతారు? నాన్న ఎక్కేటట్టయితే ఆయనకూ ఆ 20 రూపాయల బీమా చేయించండి, 70 ఏళ్ల దాకా ఇస్తారు. ఎక్కువ రోజులు ఊళ్లో ఉండనని గీత కార్మికుల సొసైటీలో కూడా ముందే చెప్పి వెళ్లండి.

లోన్ యాప్ ఫోన్లోంచి ఇవాళే తీసేయండి. బండి గురించి చెప్పలేదని అనుకోవద్దు. వ్యాను వాళ్లదేనని మీరే రాశారు కదా, బండి ఎందుకు?