తిని ఉరకాలా, ఉరికి తినాలా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రోజూ పొద్దుగాల ఐదున్నరకు గ్రౌండ్‌కు పోయి 1600 మీటర్లు ఉరుకుతున్న. ఏం తినకుండ పోతే మూడో రౌండ్‌కు కండ్లు తిరుగుతున్నయ్. పాలు, పల్లీలు తిని పోతే డొక్కల పట్టేస్తున్నది. ఏం చెయ్యాలె?
– ఒక అభ్యర్థి, నల్లగొండ

జవాబు: రాత్రి ఏం తింటున్నారో మీరు రాయలేదు. మొదట చూసుకోవాల్సింది అదే. నిద్రలో తరిగిపోయేది ముఖ్యంగా కాలేయంలోని గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచుకునే చక్కెర నిల్వ. కండరాల్లో దాచుకున్నది చాలావరకు అట్లాగే ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి అన్నం, పప్పు, పెరుగు సరిపడా తింటే 1600 మీటర్లకు కావలసిన ఇంధనం ఒంట్లోనే ఉన్నట్టు. అన్నం మానేసి ఒక్క రొట్టెతో పడుకునేవారికే పొద్దున ఇబ్బంది.

నాలుగున్నరకు లేవగానే ఒక గ్లాసు నీళ్లు, బాగా మాగిన అరటిపండు ఒకటి చాలు. మధ్యరకం పండులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, గంటలోపు పరుగుకు అది సరిపోతుంది. పండు పడకపోతే 30 గ్రాముల అటుకులు నానబెట్టి కాస్త బెల్లం కలుపుకోండి. పాలు, పల్లీలు మంచి తిండే, కానీ ఆ వేళకు కాదు. 50 గ్రాముల పల్లీల్లో దాదాపు 25 గ్రాములు కొవ్వే. కొవ్వు కడుపులోంచి మెల్లగా దిగుతుంది. ఉరికేటప్పుడు రక్తం కాళ్లకు మళ్లి పేగులకు తగ్గుతుంది, ఇక అరుగుదల ఎక్కడిది? జొన్నరొట్టెలో పీచు ఎక్కువ కాబట్టి దానికీ రెండు మూడు గంటలు ఇవ్వాలి. పల్లీలు, పాలు పరుగు అయ్యాక తీసుకోండి.

ఇంకో అనుమానం కూడా ఉంది. మూడో రౌండ్‌లో కళ్లు తిరగడానికి ప్రతిసారీ ఖాళీ కడుపే కారణం కాదు. తెలంగాణ కానిస్టేబుల్ 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లకు ఇచ్చిన సమయం 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద అంటే రౌండ్‌కు సుమారు 1 నిమిషం 48 సెకన్లు. మొదటి రౌండ్‌ను నిమిషంన్నరలోపే లాగేస్తే మూడో రౌండ్‌లో ఏ అరటిపండూ కాపాడదు. వాచీ పెట్టుకుని చూడండి. తిని, నెమ్మదిగా మొదలుపెట్టినా కళ్లు తిరుగుతుంటే రక్తపోటు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

ఈవెంట్స్ రోజు లైన్లో ఎంతసేపు నిలబడాలో తెలియదు. పరుగుకు రెండు మూడు గంటల ముందు మూడు ఇడ్లీలు, కొద్దిగా చట్నీ తినండి. సంచిలో అరటిపండు, నీళ్లు ఉంచుకుని పిలుపు దగ్గరపడ్డప్పుడు పండు తినండి. అరగంట ముందు గ్లూకోజ్ పొడి గుప్పెళ్లతో మింగొద్దు. కొందరికి చక్కెర ఒక్కసారిగా పెరిగి, పరుగు మొదట్లోనే పడిపోతుంది. ఆ రోజు తినబోయేది ఏదైనా రెండు వారాలు ప్రాక్టీసులో తిని చూసిందై ఉండాలి.

ప్రశ్న: మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం, రాత్రి ఏడింటికి జిమ్. ఆకలికి దారిలో మిర్చి బజ్జీలు తింటున్న. దోస్తులు ప్రీ వర్కవుట్ పౌడర్ తాగమంటున్నరు.
– ఒక ఉద్యోగి, మహబూబ్‌నగర్

జవాబు: బజ్జీలు తిని స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ చేస్తే పొట్ట మీద ఒత్తిడికి నూనె, కారం గొంతులోకే వస్తాయి. ఐదున్నరకు రెండు అరటిపండ్లో, ఉడకబెట్టిన చిలగడదుంపో తినండి. పౌడర్‌లో పనిచేసేది ఎక్కువగా కెఫీన్. చాలా రకాల్లో ఒక స్కూపుకు 150 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. ఏడింటికి తాగితే నడిరాత్రి దాకా నిద్ర ఉండదు. ఒళ్లు జిలజిలలాడేది ఆ పౌడర్‌లో కలిపే బీటా అలనిన్ అనే పదార్థం వల్ల, అది బలం వచ్చిన గుర్తు కాదు. ఐదున్నరకే ఒక కప్పు చాయ్ తాగండి, చాలు.

ప్రశ్న: నాకు 54 ఏండ్లు, షుగర్ ఉంది. గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని పరగడుపున గంట నడుస్తా. ఒక్కోనాడు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నయ్.
– ఒక గృహిణి, మిర్యాలగూడ

జవాబు: మాత్ర వేసుకుని, టిఫిన్ తినకుండా నడవడమే తప్పవుతున్నది. ఈ మాత్ర ఇన్సులిన్‌ను బయటికి నెడుతుంది, నడక చక్కెరను ఖర్చు చేస్తుంది, లోపలికి వచ్చేది ఏమీ లేదు. దీన్ని టిఫిన్‌తో పాటు వేసుకోవాలి. కాబట్టి ముందు నడక, తర్వాత టిఫిన్, మాత్ర. బయల్దేరే ముందు గ్లూకోమీటర్‌లో 90 కన్నా తక్కువ చూపితే అరటిపండో, రెండు బిస్కెట్లో తిని వెళ్లండి. వణుకు మొదలైతే ఆగి కూర్చుని, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి, 70 దాటకపోతే ఇంకోసారి తాగండి. చక్కెర పొట్లం కొంగున కట్టుకోకుండా ఇల్లు దాటొద్దు. ఇట్లా చక్కెర పడిపోతున్న సంగతి ఈ వారమే మీ డాక్టరుకు చెప్పండి, డోసు తగ్గించాల్సి రావచ్చు.