నాన్న ఫాఫ్సాలో వివరాలు ఇవ్వనంటే నన్ను ఇండిపెండెంట్ స్టూడెంట్‌గా లెక్కిస్తారా?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. వయసు 19, అమెరికన్ సిటిజన్, స్టేట్ యూనివర్సిటీలో రెండో ఏడాది. మేజర్ (చదివే ప్రధాన సబ్జెక్టు) మార్చుకున్నారని నాన్నగారు ఫీజు కట్టడం ఆపేశారు, ఫాఫ్సాలో (చదువుకు ఫెడరల్ ఆర్థిక సాయం అడిగే దరఖాస్తు ఫారంలో) తన వివరాలు ఇవ్వనంటున్నారు. క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ చేసుకుంటూ మీ ఖర్చులు మీరే చూసుకుంటున్నారు. సెలవుల్లో పెద్దమ్మగారింట్లో ఉంటున్నారు. చివర్లో, పెద్దగా పట్టించుకోనట్టు, "ఇంటికి కూడా రావద్దన్నారు" అని ఒక మాట రాశారు. మీ కేసు నిలబడేది ఆ ఒక్క మాట మీదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు చేదు మాట. తల్లిదండ్రులు డబ్బులివ్వకపోయినా, వివరాలివ్వనన్నా, ట్యాక్స్ రిటర్న్‌లో మిమ్మల్ని డిపెండెంట్‌గా చూపించకపోయినా, మీ కాళ్ల మీద మీరు నిలబడ్డా, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ మిమ్మల్ని ఇండిపెండెంట్, అంటే తల్లిదండ్రుల వివరాలు అక్కర్లేని విద్యార్థి, చెయ్యదు. నాలుగూ కలిసినా చెయ్యవు. కాలేజీల్లో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసులకు, ఇండిపెండెంట్‌గా లెక్కించమని వచ్చే అప్పీళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. డబ్బు ఆగిపోయిందని రెండు పేజీలు రాస్తారు. ఆఫీసు చూసేది డబ్బు ఆగిందా అని కాదు, బంధం తెగిందా, లేక అది ప్రమాదకరంగా మారిందా అని.

ఎవరి ప్రమేయం లేకుండా ఇండిపెండెంట్ అయ్యేవాళ్లు వేరే ఉన్నారు. 2026-27 ఫారానికైతే 2003 జనవరి 1కి ముందు పుట్టినవాళ్లు, పెళ్లయినవాళ్లు, మాస్టర్స్ లేదా పీహెచ్‌డీ చదివేవాళ్లు, సైన్యంలో పనిచేస్తున్న లేదా చేసినవాళ్లు, సగానికి మించి తామే పోషిస్తున్న పిల్లలు ఉన్నవాళ్లు, 13 ఏళ్లు నిండాక ఎప్పుడైనా తల్లిదండ్రులిద్దరూ లేనివాళ్లు లేదా ఫాస్టర్ కేర్‌లో ఉన్నవాళ్లు, కోర్టు లీగల్ గార్డియన్‌ను నియమించినవాళ్లు. దీనికోసం కాగితం మీద పెళ్లి చేసుకొమ్మని స్నేహితులు సలహా ఇస్తారు. ఆ పని చెయ్యకండి. భాగస్వామి ఆదాయం లెక్కలోకి వస్తుంది, సంతకం పెట్టే ఫారంలో తప్పుడు సమాచారానికి 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు అని స్పష్టంగా రాసి ఉంటుంది.

పెద్దమ్మగారి విషయం మన ఇళ్లలో తరచూ తికమక పెడుతుంది. అమ్మమ్మ, బాబాయి, పెద్దమ్మ ఎవరు పెంచినా, చట్టప్రకారం దత్తత తీసుకుంటే తప్ప వాళ్లు ఫాఫ్సాకు తల్లిదండ్రులు కారు. ఆవిడ ఆదాయం ఫారంలో రాయకండి, ఆవిడను కాంట్రిబ్యూటర్‌గా (ఫారంలో తన వివరాలు ఇవ్వాల్సిన మనిషిగా) పిలవకండి.

ఇప్పుడు ఆ మాట. ఇంటికి రావద్దన్నారంటే రెండు దారులు తెరుచుకుంటాయి. మొదటిది అన్‌యూజువల్ సర్కమ్‌స్టాన్సెస్ (అసాధారణ పరిస్థితులు): తల్లిదండ్రులు వదిలేయడం, పూర్తిగా దూరం కావడం, ఇంట్లో హింస, వాళ్లు జైల్లో ఉండటం లాంటివి. రెండోది, తోడు లేని హోమ్‌లెస్ యువత కింద రావడం. వీధిలో పడుకుంటేనే హోమ్‌లెస్ అనుకోకండి. వెళ్లడానికి వేరే చోటు లేక తాత్కాలికంగా ఎవరింట్లోనో సర్దుకుంటున్నా ఆ నిర్వచనంలోకి రావచ్చు, ప్రస్తుతం డార్మ్‌లో ఉంటున్నా సరే. ఇల్లు వదలడానికి కారణమేంటన్నదాన్ని బట్టి కాదనే వీలు ఆఫీసుకు లేదు. పెద్దమ్మగారిల్లు మీకు స్థిరమైన ఇల్లా, లేక సెలవు అయ్యేదాకా ఇచ్చిన సోఫానా అన్నది నిజాయితీగా తేల్చుకోండి.

ఫారంలో జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇది. మీ వ్యక్తిగత పరిస్థితుల ప్రశ్నలయ్యాక, తల్లిదండ్రులను సంప్రదించలేని, లేదా సంప్రదిస్తే మీకు ప్రమాదమున్న అసాధారణ పరిస్థితి ఉందా అని అడుగుతుంది. అవును అంటే తల్లిదండ్రుల భాగం లేకుండానే ఫారం సమర్పించొచ్చు, మిమ్మల్ని ప్రొవిజనల్‌గా (తాత్కాలికంగా) ఇండిపెండెంట్ అంటారు. కాదు అంటే, తల్లిదండ్రులు వివరాలివ్వనంటున్నారా, అన్‌సబ్సిడైజ్డ్ లోన్ (చదువుతుండగానే వడ్డీ పడే అప్పు) ఒక్కటే కావాలా అని తర్వాత వస్తుంది. "ఇవ్వనంటున్నారు, నిజమే కదా" అని చాలామంది ఇక్కడ అవును కొట్టేస్తారు. దాంతో ఎస్‌ఏఐ (మీకు ఎంత సాయం రావాలో తేల్చే అంకె) అసలు లెక్కకట్టరు, తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంట్ రాదు, పని చేసి సంపాదించుకునే వర్క్‌స్టడీ రాదు. పొరపాటున కొట్టి ఉంటే కరెక్షన్‌లోకి వెళ్లి మార్చండి.

ప్రొవిజనల్ అంటే డబ్బు వచ్చినట్టు కాదు. సమ్మరీలో కనిపించే అంకె అంచనా మాత్రమే. ఫారం పంపిన వారంలోనే యూనివర్సిటీ ఎయిడ్ ఆఫీసుకు వెళ్లి "డిపెండెన్సీ ఓవర్‌రైడ్‌కు మీ ఫారం, మీకు కావాల్సిన కాగితాల జాబితా ఇవ్వండి" అని అడగండి. ఓవర్‌రైడ్ అంటే మిమ్మల్ని ఇండిపెండెంట్‌గా లెక్కించాలని కాలేజీ తీసుకునే నిర్ణయం. ఓవర్‌రైడ్లు అసలు ఇవ్వం అనే విధానం పెట్టుకోవడానికి ఏ కాలేజీకీ చట్టం ఒప్పుకోదు. కౌంటర్‌లో అలా చెబితే కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ అడగండి. మీరు ఎన్‌రోల్ అయిన 60 రోజుల్లోగా వాళ్లు తేల్చాలి.

ఉత్తరం ఎలా ఉండాలో చూపిస్తాను. "నాన్న ఫీజు కట్టడం లేదు, నేను చాలా కష్టపడుతున్నాను, దయచేసి సాయం చేయండి" అన్నది తిరస్కరణకు గురయ్యే ఉత్తరం. దీన్ని చూడండి: "గత నవంబరు రెండో వారంలో నాన్న నా సామాను గరాజ్‌లో పెట్టించి ఇంటి తాళం మార్చారు. అప్పటినుంచి ఆయనతో మాట లేదు. జనవరిలో అమ్మ ఒకసారి ఫోన్ చేసి ఇకమీదట చెయ్యొద్దంది. డార్మ్ మూసిన రోజుల్లో బంధువుల ఇంట్లో పడుకుంటున్నాను. నా ఫోన్ బిల్లు, ఇన్సూరెన్స్ నా పేరుమీదే ఉన్నాయి." తేదీ, జరిగింది, చివరిసారి మాట్లాడింది, ఇప్పుడు ఉంటున్న చోటు, అంతే. ఒక పేజీ దాటొద్దు. మీ విషయంలో జరిగిందే రాయండి. అమ్మ నెలకోసారి రహస్యంగా ఫోన్ చేస్తుంటే అదీ రాయండి. దాచితే తర్వాత బయటపడి మొత్తం ఉత్తరం మీదే నమ్మకం పోతుంది.

దానికి తోడు బయటివాళ్ల మాట కావాలి. మీ పరిస్థితి నేరుగా తెలిసిన స్కూల్ కౌన్సెలర్, సోషల్ వర్కర్, డాక్టర్, లాయర్, ట్రియో (విద్యార్థులకు తోడ్పడే ఫెడరల్ ప్రోగ్రాం) సిబ్బంది, గుడి పూజారిగారైనా సరే, లెటర్‌హెడ్ మీద ఎప్పటినుంచి మీరు తెలుసో, తాము స్వయంగా ఏం చూశారో రాసివ్వాలి. పెద్దమ్మగారి ఉత్తరం పెట్టండి కానీ అదొక్కటే సరిపోతుందనుకోకండి, బంధువుల మాటకు బరువు తక్కువ. వేరుగా ఉంటున్నట్టు చూపే కరెంటు బిల్లు, హెల్త్ ఇన్సూరెన్స్, ఉంటే పోలీస్ రిపోర్టు, కోర్టు ఆర్డర్ జతచేయండి. ఏ కాగితమూ లేకపోతే ఎయిడ్ ఆఫీసరే మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసి దాన్ని రికార్డు చేసుకోవచ్చు. ఆ వీలుందని చాలామందికి తెలియదు, నోరు తెరిచి అడగండి.

ఒప్పుకుంటే మీ ఆదాయమొక్కటే లెక్క. 2025-26లో పెల్ గరిష్ఠం 7,395 డాలర్లు. రెండో ఏడాదికి లోన్ పరిమితి కూడా 6,500 నుంచి 10,500కు పెరుగుతుంది. ఆ తర్వాతి ఏళ్లకు అదే కాలేజీలో, మీ పరిస్థితి మారలేదని చెబితే, మళ్లీ మొదటినుంచి నిరూపించుకోనక్కర్లేదు. కాలేజీ మారితే కొత్త కాలేజీ దాన్ని ఒప్పుకోవాలన్న నిబంధన లేదు, కాబట్టి అన్ని కాగితాలూ స్కాన్ చేసి ఉంచుకోండి.

ఒప్పుకోకపోతే ఫెడరల్ విద్యాశాఖకు అప్పీలు ఉండదు, కాలేజీ మాటే ఆఖరు. కొత్త కాగితాలు దొరికితే అక్కడే మళ్లీ అడగొచ్చు. అప్పుడే ఆ అన్‌సబ్సిడైజ్డ్ లోన్ దారి పట్టండి: తల్లిదండ్రులు పోషణ మానేశారని, ఫారం నింపనంటున్నారని కాలేజీ నిర్ధారిస్తే మీకు 6,500 దాకా వస్తుంది, 10,500 రాదు. 2025-26 వడ్డీ 6.39 శాతం. చదువుతుండగానే వడ్డీ పెరుగుతుంది, ఆ మొత్తం మీద ఏడాదికి సుమారు 415 డాలర్లు. 1.057 శాతం ఫీజు ముందే కోసుకుంటారు, చేతికి 6,431 వరకు వస్తుంది.

ఇంట్లో ఇంకా మాట్లాడే సందు ఉంటే, నాన్నగారికి ఎవరైనా పెద్దవాళ్ల చేత రెండు విషయాలు చెప్పించండి. ఫాఫ్సాలో వివరాలివ్వడం ఫీజు కడతానన్న హామీ కాదు, అప్పు ఆయన పేరుమీద పడదు. ఆయన ట్యాక్స్ వివరాలు ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ) నుంచి నేరుగా వెళ్తాయి, మీకు కనిపించవు. "నా జీతం పిల్లలకెందుకు" అన్న పట్టుదల ఈ రెండో మాటతో సడలడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఐఆర్‌ఎస్‌కు ఆయన అనుమతి ఇవ్వకపోతే మాత్రం ఫెడరల్ ఎయిడ్ రాదు. ఆయన అకౌంట్ తెరిచేటప్పుడు పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందూ వెనకా అయినచోటే మనవాళ్ల అకౌంట్లు ఆగిపోతాయి.

ఇదే ప్రశ్నతో ఇక్కడికి వచ్చే మరికొందరికి. తల్లిదండ్రులు హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వెళ్లిపోయి, సిటిజన్ పిల్లలు ఇక్కడ ఒంటరిగా చదువుతున్నా డిపెండెంట్లే. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా వాళ్లు అకౌంట్ తెరవొచ్చు, రూపాయల ఆదాయాన్ని డాలర్లలోకి మార్చి చేత్తో నింపాలి. తల్లిదండ్రులు విడిపోయి ఉంటే, గత 12 నెలల్లో మీకు ఎక్కువ ఖర్చు పెట్టినవాళ్లే కాంట్రిబ్యూటర్. హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకు ఇంట్లో పరిస్థితి ఎలా ఉన్నా ఫెడరల్ ఎయిడ్ లేదు. వాళ్లు కాలేజీ సొంత నిధులను, ఎమర్జెన్సీ గ్రాంటును అడగాలి.

మీరు ఈ వారం చేయాల్సింది: ఫారం తెరిచి ఆ రెండు ప్రశ్నలకు ఏం జవాబిచ్చారో చూసుకోండి. 2026-27 ఫారానికి ఫెడరల్ గడువు 2027 జూన్ 30 దాకా ఉన్నా, రాష్ట్రం, కాలేజీ ఇచ్చే నిధులకు గడువు చాలా ముందే ముగుస్తుంది.