ఆకాశంలో స్కూటర్: విమానాల రేడియో పేర్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సింగపూర్ నుంచి విశాఖ వచ్చే స్కూట్ విమానాన్ని రేడియోలో ‘స్కూటర్’ అని పిలుస్తారని మా అబ్బాయి అంటున్నాడు. ఆటపట్టిస్తున్నాడా, నిజమేనా? (ఒక పాఠకురాలు, గాజువాక)

జవాబు: నిజమేనండి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) జాబితాలో స్కూట్‌కు ఉన్న అధికారిక పేరే అది. పైలట్ మొహం చిట్లించుకోకుండా ‘స్కూటర్’ అనే చెప్పుకోవాలి.

ప్రతి విమాన సంస్థకూ మూడు రకాల గుర్తులు ఉంటాయి. టికెట్ మీద రెండక్షరాలు, ఫ్లైట్ ప్లాన్‌లో (బయల్దేరే ముందు ఇచ్చే ప్రయాణ వివరాల పత్రం) మూడక్షరాలు, నోటితో పలకడానికి ఒక పేరు. ఇండిగోనే తీసుకోండి: టికెట్ మీద 6ఈ, ఫ్లైట్ ప్లాన్‌లో ఐజీఓ, రేడియోలో ‘ఐఫ్లై’. ఆ పేరుకు ఫ్లైట్ నంబరు కలిపితే కాల్‌సైన్. అలయన్స్ ఎయిర్ ‘అలైడ్’. విజయవాడ కేంద్రంగా కొన్నాళ్లు నడిచి మూతపడిన ఎయిర్ కోస్టా ‘లెకోస్టా’.

ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ పేరు చూడండి, తిరగేసి ‘ఎక్స్‌ప్రెస్ ఇండియా’ అని పెట్టారు. ఉన్నపేరే వాడితే, రేడియో గరగరలో చివరిమాట ఎగిరిపోయినప్పుడు ‘ఎయిరిండియా’ మాత్రమే మిగులుతుంది. అది వేరే సంస్థ విమానం! జెట్ ఎయిర్‌వేస్ ఉన్న రోజుల్లో జెట్‌లైట్‌కు ‘లైట్ జెట్’ అన్న పేరు కూడా ఇలా తిరగేసిందే.

ప్రశ్న: బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు ‘స్పీడ్‌బర్డ్’ అన్న పేరు ఎక్కడిది? ఇలాంటి తమాషా పేర్లు ఇంకా ఉన్నాయా? (ఒక పాఠకుడు, హన్మకొండ)

జవాబు: బోలెడు. స్పీడ్‌బర్డ్ మొదట పేరు కాదు, బొమ్మ. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కోసం థేర్ లీ-ఇలియట్ గీసిన పక్షి గుర్తు. తర్వాత అది బీఓఏసీ అనే బ్రిటిష్ విమాన సంస్థకు, 1974లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు వారసత్వంగా వచ్చింది. ఇప్పటికీ హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లే వాళ్ల విమానం రేడియోలో ‘స్పీడ్‌బర్డ్ టూ సెవెన్ సిక్స్’. మొదటిసారి పలకరించేటప్పుడు చివర ‘హెవీ’ కూడా చేరుస్తారు. గరిష్ఠ టేకాఫ్ బరువు 136 టన్నులు, ఆపైన ఉన్న విమానాలకు ఆ మాట. ఆ రోజు సగం సీట్లు ఖాళీగా ఉన్నా హెవీనే. దాని వెనకాల లేచే గాలి సుడులు చిన్న విమానాన్ని తిరగేయగలవు కాబట్టి, వెనక వచ్చేవాటిని కంట్రోలర్ (నేల మీద నుంచి రేడియోలో విమానాలకు దారి చెప్పే ఉద్యోగి) ఎడంగా ఉంచుతాడు.

దేశచిహ్నాల పేర్లు కొన్ని: దక్షిణాఫ్రికా వాళ్లది ‘స్ప్రింగ్‌బాక్’ (అక్కడి జింక), ఐర్లండ్ ఎయిర్ లింగస్‌ది ‘షామ్‌రాక్’ (మూడాకుల మొక్క), లెబనాన్ వాళ్లది ‘సీడర్ జెట్’ (దేవదారు). అమెరికాలో రిపబ్లిక్ ఎయిర్‌వేస్ ‘బ్రిక్‌యార్డ్’. ఆ సంస్థకు చాలా ఏళ్లు కేంద్రంగా ఉన్న ఇండియానాపొలిస్‌లోని కార్ల రేస్ ట్రాక్‌ను 1909లో 32 లక్షల ఇటుకలతో పరిచారు, ట్రాక్ ముద్దుపేరు విమానాలకు వచ్చింది. సరుకు మోసే కాలిట్టా ఎయిర్ ‘కానీ’, వ్యవస్థాపకుడు కానీ కాలిట్టా పేరే. 2020లో మూతపడిన ట్రాన్స్ స్టేట్స్ వాళ్లయితే ‘వాటర్‌స్కీ’. వాల్యూజెట్ విమానం మీద నవ్వుతున్న కార్టూన్ విమానం ఉండేది, అందుకు తగ్గట్టే ‘క్రిట్టర్’ (చిన్న జంతువు). 1996 ప్రమాదం తర్వాత ఆ సంస్థ ఎయిర్‌ట్రాన్‌లో కలిసి ‘సిట్రస్’ అయింది.

మా ఓటు మాత్రం తైవాన్ చైనా ఎయిర్‌లైన్స్ వారి ‘డైనాస్టీ’కి. బీజింగ్ సంస్థ ఎయిర్ చైనా. ఒకే ఆకాశంలో ‘ఎయిర్ చైనా’, ‘చైనా ఎయిర్’ అని వినబడితే కంట్రోలర్ పరిస్థితి ఏమిటి? డైనాస్టీ అనగానే చిక్కు విడిపోయింది.

ప్రశ్న: పేరు అంత విడిగా ఉన్నాక పొరపాటు ఎలా జరుగుతుంది? (ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి)

జవాబు: పొరపాటు పేరులో కంటే నంబర్లో ఎక్కువ. 2009 జనవరి 15న న్యూయార్క్ హడ్సన్ నదిలో దిగిన యూఎస్ ఎయిర్‌వేస్ విమానం కాల్‌సైన్ ‘కాక్టస్ 1549’. (అరిజోనాకు చెందిన అమెరికా వెస్ట్‌తో విలీనమయ్యాక వచ్చిన పేరు.) పక్షులు తగిలి రెండు ఇంజన్లూ చచ్చిన క్షణంలో కెప్టెన్ సలెన్‌బర్గర్ ‘కాక్టస్ 1539’ అన్నాడు. కంట్రోలర్ దాన్ని ‘1529’ చేశాడు. కంగారులో ఇద్దరూ చెరో అంకె తప్పారు, కానీ ‘కాక్టస్’ ఇద్దరి నోటా చెదరలేదు. ఎవరితో మాట్లాడుతున్నారో ఇద్దరికీ తెలుసు. విమానంలోని 155 మందీ బతికారు.

మామూలు రోజుల్లో చిక్కు వేరు. ఒకే సంస్థవి 2351, 2315 ఒకే కంట్రోలర్ దగ్గరికి వచ్చాయనుకోండి. ఒకరికిచ్చిన ‘దిగండి’ ఆదేశాన్ని ఇంకొకరు అందుకోవచ్చు. అసలు విమానం కూడా అదే క్షణంలో బదులిస్తే మరీ ప్రమాదం. విమాన రేడియోలో ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే కీచుమనే చప్పుడే గానీ మాట తెలియదు. లేదా గట్టి సిగ్నల్ ఉన్న గొంతే వినిపించి, రెండోవాడు మాట్లాడినట్టే తెలియదు.

అడ్డుకట్టలు ఇవి. సంస్థలు షెడ్యూలు వేసేటప్పుడే దగ్గరి నంబర్లను విడగొడతాయి, లేదా కాల్‌సైన్ చివర అక్షరాలు పెడతాయి. అందుకే ఒక్కోసారి టికెట్ నంబరు, కాల్‌సైన్ నంబరు కలవవు. ఎత్తు, దిశ, రన్‌వే అనుమతుల వంటివి పైలట్ తిరిగి అప్పజెప్పి, చివర తన కాల్‌సైన్ చెప్పాలి. దాన్ని వినడం, తప్పుంటే దిద్దడం కంట్రోలర్ పని. పైలట్ ఉత్త ‘రోజర్’ (విన్నాను) అని ఊరుకుంటే ఒప్పుకోరు. అయినా చిక్కు వస్తుందనిపిస్తే కంట్రోలర్ అప్పటికప్పుడు కాల్‌సైన్ మార్పించవచ్చు.

అంకెలనూ విడివిడిగా పలుకుతారు: 3 ‘ట్రీ’, 4 ‘ఫోవర్’, 5 ‘ఫైఫ్’, 9 ‘నైనర్’. ఫైవ్, నైన్ గరగరలో ఒకేలా వినబడతాయి మరి. అమెరికా కంట్రోలర్లు మాత్రం ‘ఫిఫ్టీన్ ఫార్టీ నైన్’ అని జంటలుగా చదువుతారు.

ప్రశ్న: ‘ఎయిర్ ఫోర్స్ వన్’ ఒక విమానం పేరు కదా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: కాదు. అమెరికా వైమానిక దళం విమానంలో అధ్యక్షుడు ఉన్నంతసేపే ఆ కాల్‌సైన్. 1974 ఆగస్టు 9న, రాజీనామా ప్రకటించిన అధ్యక్షుడు నిక్సన్ ఆ పేరుతోనే వాషింగ్టన్ నుంచి బయల్దేరాడు. మధ్యాహ్నం వాషింగ్టన్‌లో కొత్త అధ్యక్షుడిగా ఫోర్డ్ ప్రమాణం చేసేసరికి విమానం మిస్సోరీ మీద ఉంది. పైలట్ రేడియోలో కాల్‌సైన్ మార్చమని అడిగాడు. మిగతా దూరం అది ‘శామ్ 27000’ (శామ్ అంటే ‘స్పెషల్ ఎయిర్ మిషన్’). గాల్లో ఉండగానే పదవి దిగిపోయిందన్నమాట.

ప్రశ్న: శిక్షణ విమానాలకు ఈ పేర్లుండవా? (ఒక పాఠకురాలు, బేగంపేట)

జవాబు: వాటికి ఎక్కువగా తోక మీద రాసిన రిజిస్ట్రేషనే పేరు. వీటీ-ఏబీసీ అయితే ‘విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ’. దీన్ని మొదటి అక్షరం, చివరి రెండు అక్షరాలకు కుదించవచ్చు: ‘విక్టర్ బ్రావో చార్లీ’. అయితే ముందు కంట్రోలర్ కుదించాలి, ఆ తర్వాతే పైలట్. కొత్తగా నేర్చుకునేవాళ్లు తొందరపడేది ఇక్కడే. స్పీడ్‌బర్డ్ 276 లాంటి వాటికి కుదింపు అసలే లేదు.

ప్రశ్న: ఇంట్లో రేడియోలో వినొచ్చా? (ఒక పాఠకుడు, గన్నవరం)

జవాబు: మామూలు ఎఫ్ఎం సెట్టు పనికిరాదు; అది 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, విమానాల మాటలు 118 నుంచి 137 మధ్య, ఏఎం పద్ధతిలో నడుస్తాయి. వేరే రిసీవర్ తెప్పించుకునే ఆలోచన వద్దు, మన దేశంలో వైర్‌లెస్ పరికరాలకు అనుమతుల నిబంధనలు ఉన్నాయి. ఫోన్‌లో విమానాల ట్రాకింగ్ యాప్ తెరిచి, విమానం బొమ్మ మీద నొక్కి, ‘కాల్‌సైన్’ అన్న గడి చూడండి. మూడక్షరాలు, నంబరు కనిపిస్తాయి. టీజీడబ్ల్యూ కనబడితే అది స్కూటర్, బీఏడబ్ల్యూ అయితే స్పీడ్‌బర్డ్, మలేసియా ఎయిర్ ఏషియా వారి ఏఎక్స్ఎం అయితే ‘రెడ్ క్యాప్’.