ట్యులిప్‌లు తీసెయ్యమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. 'నువ్వు' అనే రాస్తున్నాను, మా చిన్నమ్మాయి కంటే చిన్నదానివి కనక. వెంటనే జవాబు రాయకపోవడానికి కారణం ఒళ్ళు బాగుండక కాదు, ఒళ్ళు మండి.

మొదటి పేజీలో ట్యులిప్ తోట. మూడో పేజీలో గాలిమర. అయిదో పేజీలో చెక్క బూట్లు. చివర్లో కెనడాలోని హామిల్టన్ వృద్ధాశ్రమం కిటికీ దగ్గర ఆ డచ్ ముసలావిడ కుండీలో పువ్వుని నిమురుతూ 'నా దేశం' అని కళ్ళు తుడుచుకోవడం. రోజూ ఆవిడకి స్నానం చేయించేదానివి, మందులు మింగించేదానివి, నీకు కనబడినవి ఇవా? ఇవి విమానం టిక్కెట్లు అమ్మేవాడి గోడ మీదా ఉంటాయి. దానికి హామిల్టన్‌లో నైట్ డ్యూటీలు చెయ్యక్కర్లేదు.

అయితే ఎనిమిదో పేజీలో ఒక్క వాక్యం ఉంది. ఆవిడ బాత్రూంలో ఒక పాత క్యాలెండర్ వేలాడుతోందనీ, దాని మీద వారాలు లేవనీ, తేదీల పక్కన చేత్తో రాసిన పేర్లున్నాయనీ, కొన్ని పేర్ల పక్కన చిన్న శిలువ గుర్తు పెట్టి ఉందనీ రాశావు. రాసి, మరుక్షణం మళ్ళీ ట్యులిప్‌ల దగ్గరికి పరిగెత్తావు. ఆ వాక్యమే లేకపోతే నేను కలం పట్టేవాణ్ణి కాదు.

అది ఏ క్యాలెండరో నీకు తెలుసా? తెలిసుంటే ఒక్క వాక్యంతో వదిలేదానివి కాదు. నేను ఇరిగేషన్‌లో ఉన్నప్పుడు డిపార్టుమెంటు వాళ్ళు కోర్సుకని నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ అనే ఊరికి పంపారు. 1953 ఫిబ్రవరి ఉప్పెనలో 1,836 మంది పోయాక ఆ దేశం సముద్రానికి కట్టుకుంటూ వచ్చిన అడ్డుకట్టల్లో పెద్దది, ఊస్టర్‌షెల్డె అనే సముద్రపాయ మీది గేట్ల కట్ట, పూర్తి కావస్తున్న రోజులు. అది చూడ్డానికే మమ్మల్ని పంపింది. చూశాను, నోట్సు రాసుకున్నాను. కానీ ఆ దేశం గురించి నాకు గుర్తున్నదంతా నేను అద్దెకున్న ఇంట్లో నేర్చుకున్నదే.

ఆ ఇంట్లో టాయిలెట్ గోడకి అలాంటిదే ఒక క్యాలెండర్. సంవత్సరం ఉండదు, వారం ఉండదు, కాబట్టి ఎప్పటికీ పాతబడదు. చుట్టాల, స్నేహితుల పుట్టినరోజులు రాసుకునేందుకే దాన్ని అమ్ముతారు. రోజూ తప్పకుండా కూర్చునే చోటు కనక అక్కడ కడతారు, ఎదురుగా ఉంటే మరిచిపోయామని తప్పించుకోలేం. పుట్టినరోజు మరిచిపోవడం వాళ్ళలో మనవైపు పెళ్ళికి పిలవకపోవడమంత నేరం.

ఇల్లుగలావిడ పుట్టినరోజుకి నన్నూ కూచోబెట్టారు. హాల్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆవిడకి చెయ్యి కలిపి అభినందనలు చెప్పి ఊరుకోలేదు. భార్య పుట్టినరోజైనందుకు భర్తకి, అమ్మ పుట్టినరోజైనందుకు కూతురికి, పొరుగావిడ పుట్టినరోజైనందుకు పక్కింటాయనకి, వరసగా ఆ వృత్తమంతా తిరిగి చివరికి నాకూ చెప్పారు. కింద అద్దెకున్నందుకు కాబోలు! ఆపైన కాఫీ, ఒక్క ముక్క కేకు. కాసేపటికి ఆవముద్దలో అద్దుకునే చీజ్ ముక్కలు. ఎవరి కుర్చీలోంచి వాళ్ళు లేవలేదు. మాటలన్నీ రైళ్ళ ఆలస్యం, ఎవరి మోకాలికో ఆపరేషన్, బంగాళాదుంపల ధర. నాకు మహా విసుగ్గా గడిచింది.

ఆవిడ అన్నయ్య కెనడాలో ఉండేవాడు. చాలా ఏళ్ళ తర్వాత మా పెద్దవాడి దగ్గరికి టొరంటో వెళ్ళినప్పుడు ఆయన్ని వెతుక్కుంటూ పోయి కలిశాను. మీ హామిల్టన్‌కి అటు పక్కనే పొలం. అప్పటికి ఎనభై దాటాయి. ఇక్కడ దేనికి మొహం వాచారని అడిగితే ఆయన ట్యులిప్ అనలేదు, రాణీగారనలేదు. 'ఆ కుర్చీలు' అన్నాడు. 'మా పిల్లల పుట్టినరోజులకి గుండ్రంగా కుర్చీలు వేస్తే ఇక్కడివాళ్ళు ప్లేటు పట్టుకుని నిలబడి తిరుగుతారు. పుట్టినరోజు నాది కాదుగా అని నాకెవరూ చెయ్యి ఇవ్వరు.' నాకు విసుగు పుట్టించిందే ఆ మనిషికి యాభై ఏళ్ళ కొరత.

నేను కథ రాయడం మొదలెట్టిన దగ్గర్నించీ పట్టుకు వేలాడుతున్న సంగతి ఇదే, నా స్నేహితులకి వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. పోస్టులో పంపగలిగినదాని మీద కథ నిలవదు. పంపలేనిది ఏమిటో పట్టుకో.

ట్యులిప్ పంపొచ్చు. పంపారు కూడా. యుద్ధంలో డచ్చి యువరాణి యూలియానా పిల్లలతో కెనడా రాజధాని ఆటవాలో తలదాచుకుంది. 1943లో ఆవిడ కూతురు మార్గ్రీట్ అక్కడే పుట్టింది. ఆ కృతజ్ఞతకి 1945లో లక్ష దుంపలు పంపించింది, ఇప్పటికీ ఏటేటా వస్తూనే ఉన్నాయి. మే నెలలో బస్సెక్కి ఆటవా పోతే నీ ముసలావిడకి కడుపునిండా ట్యులిప్‌లు. గాలిమర కావాలా? అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో హాలండ్ అనే ఊరుంది. వాళ్ళు 1964లో అసలైన డచ్ గాలిమరనే విప్పించి ఓడలో తెప్పించుకుని నిలబెట్టుకున్నారు. అక్కడ దొరికేదాని కోసం అక్కడే కూర్చుని ఎవరేడుస్తారమ్మా?

ఇల్లుగలావిడ అన్నయ్యకి కట్టే పార్శిల్ చూశాను నేను. వంటింటి బల్ల మీద తూకం పెట్టుకుని కట్టేది. వెన్న రాసిన రొట్టె మీద చల్లుకునే చాక్లెట్ పలుకులు రెండు పెట్టెలు. బిడ్డ పుడితే చూడ్డానికొచ్చినవాళ్ళకి గుండ్రటి రస్కుల మీద వేసి పెట్టే సోంపు మిఠాయి, గులాబీ తెలుపు రంగుల్లో.  ఇంకా 'డ్రొప్' అనే నల్ల బిళ్ళలు. అతిమధురంలో నవాసాగరం కలిపి చేస్తారు, నోట్లో వేసుకుంటే మనకి కళ్ళు తిరుగుతాయి, వాళ్ళు చప్పరిస్తూ పనిచేసుకుంటారు. ఇవన్నీ వెళ్ళాయి. 'వ్లా' వెళ్ళలేదు. అది పాలతో చేసే పల్చటి కస్టర్డు, అన్నానికి పెరుగులా వాళ్ళ భోజనానికి ముగింపు. పాలవాడు సీసాల్లో ఇచ్చే కాలంలో అడుగున అంటుకున్నది గీకడానికి, పొడుగు కాడకి చివర అర్ధచంద్రం రబ్బరు బిగించిన గరిటె ఒకటి ఇంటింటా ఉండేది. ఆవిడ అన్నయ్య వంటింట్లో ఆ గరిటె మేకుకి వేలాడుతోంది. గీకడానికి సీసా లేదు.

అది రాయాలి నువ్వు.

ఆ డచ్చివాళ్ళు కెనడాకి ఎందుకెళ్ళారో కూడా నీ కథలో ఎక్కడా లేదు. 'విధి వశాత్తు' అన్నావు. విధి కాదు. యుద్ధంలో ఇళ్ళు కూలాయి, కొత్త దంపతులు అత్తగారింట్లో ఒక గదిలో సర్దుకునే రోజులు. సర్కారే పంపించింది. 1950 కొత్త సంవత్సరం ప్రసంగంలో ప్రధాని విల్లెమ్ డ్రేస్, జనంలో కొంతమంది పెద్ద దేశాల్లో భవిష్యత్తు వెతుక్కునే ధైర్యం చెయ్యాలని చెప్పేశాడు. నోట్లు పట్టుకెళ్ళడానికి పరిమితి ఉండేది. అందుకని చేతిలో ఉన్న డబ్బంతా సామాను కొని, గదంత చెక్కపెట్టెలో కొట్టించి ఓడెక్కించేవాళ్ళు. ఈ అన్నయ్యగారు 1952లో 'ఖ్రోటె బేర్' ఓడలో రాటర్‌డామ్ నుంచి హాలిఫాక్స్ చేరాడు. దిగేది 'పియర్ 21' రేవులో. అక్కడ కస్టమ్స్‌వాళ్ళు అమ్మ కట్టిచ్చిన సాసేజీ లాక్కున్నారు. ఆ సంగతి చెబుతూ ఆయన ఎనభై ఏళ్ళ మొహం ఎర్రబడింది. పెట్టెలో రెండు సైకిళ్ళు తెచ్చుకున్నాడు. మొదటి ఏడాది ఓ రైతు దగ్గర జీతానికి. దుకాణం పన్నెండు మైళ్ళు, కంకర రోడ్డు. సైకిళ్ళు కొట్టంలో తుప్పుపట్టాయి, చెక్కపెట్టె కోళ్ళగూడైంది. భార్యకి ఇంగ్లీషు రాదు. డెల్ఫ్ట్‌లో అయితే రొట్టెవాడు, పాలవాడు, కూరగాయలవాడు వాకిట్లోకే వచ్చేవాళ్ళు, ముగ్గురితో మూడు మాటలు. ఇక్కడ వారానికోసారి చర్చిలో తప్ప మనిషి మొహం లేదు. పైగా రొట్టె దూదిలా ఉందని, కోస్తే చీజ్ బరువుకి కుంగిపోతుందని ఆవిడ చనిపోయేదాకా అంటూనే ఉందట.

చలి మాట చెబితే నువ్వు నవ్వుతావు. కెనడాలో మంచుగడ్డకి కొదవా? కానీ నేను డెల్ఫ్ట్‌లో ఉన్నప్పుడే, 1986 ఫిబ్రవరి 26న, ఆ దేశంలోని ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు ఊళ్ళ స్కేటింగ్ పందెం జరిగింది. దాదాపు 200 కిలోమీటర్లు, కాలవలూ చెరువులూ గట్టిగా గడ్డకట్టిన ఏడాదే పెడతారు. తెల్లారకుండానే ఇల్లంతా టీవీ ముందు. యువరాజు మారుపేరుతో పందెంలో దిగాడని తెలిసి వీధంతా ఒకటే గోల. ఆఖరిసారి జరిగింది 1997 జనవరి 4న. అన్నయ్యగారికి చలికాలమంతా గడ్డే. అయితే ఆ గడ్డ ఎన్ని సెంటీమీటర్లు మందమైందో ఎవడికీ పట్టదు. వాళ్ళ ఊళ్ళో అయితే మంగలి దగ్గర కూచున్నా అదే మాట.

ఈ డ్రొప్ బిళ్ళల మీద నేను తిరిగొచ్చాక ఒక కథ రాశాను. ఒక వారపత్రికకి పంపాను, పేరు చెప్పను, ఆ సంపాదకుడు పోయాడు, పోయినవాళ్ళ గురించి ఎందుకు. వేశాడు. చూస్తే నా నల్ల బిళ్ళలు చాక్లెట్లయ్యాయి! 'ఉప్పు మిఠాయి ఏమిటండీ, పాఠకులకి అర్థం కాదు' అన్నాడు. బెజవాడలో నిమ్మసోడాలో ఉప్పు వేసుకు తాగే పాఠకుడికి ఉప్పు మిఠాయి అర్థం కాదట. కథంతా ఆ ఉప్పు మీదే నడుస్తుంది, ముసలాయన ఒక బిళ్ళ మనవడి నోట్లో పెడితే వాడు ఉమ్మేస్తాడు. చాక్లెట్‌ని ఏ పిల్లాడు ఉమ్ముతాడు? అచ్చులో కూడా ఉమ్మాడు. ఎవరూ అడగలేదు. అప్పట్నించి సంపాదకులకి నాకు పడదు. ఇప్పుడు ఇంకో రకం బయల్దేరారు, ఏడాదికో 'ప్రవాస కథల' సంకలనం, ప్రతి కథలో ముగ్గు, ఆవకాయ, అమ్మ చీర. నీ ఆఖరి పేరాలో డచ్ ఆవిడ కన్నీళ్ళు చూసి నీకు మీ అమ్మ గోంగూర పచ్చడి గుర్తొచ్చింది. కొట్టెయ్. ఆవిడ కథలోకి నీ గోంగూర దూర్చకు. ఆవిడ దుఃఖానికి నీ పూచీకత్తు అక్కర్లేదు.

మాది బందరు. వలందపాలెం పేరు వినే ఉంటావు, డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దంలో కొట్లు పెట్టుకున్న ఊరు మాది. వాళ్ళ గోరీలు ఇంకా ఉన్నాయి. చిన్నప్పుడు ఆ రాళ్ళ మీద ఎక్కి ఆడేవాళ్ళం. కవచాలూ సింహాలూ వంశచిహ్నాలూ లోతుగా చెక్కారు, పదవులు చెక్కారు. బందరు ఎండలో ఆ మనుషులు ఏ తిండికి అంగలార్చారో, సాయంత్రం ఆరింటికి ఎవరు గుర్తొచ్చేవారో ఒక్క రాయీ చెప్పదు. నీ కథ ఇప్పుడున్నట్టు అచ్చయితే ఆ రాళ్ళ వరసలో ఇంకో రాయి.

ఆవిడకి ఇంగ్లీషు జారిపోతోందనీ, సాయంత్రాలు డచ్చిలోనే ఏదో అడుగుతోందనీ ఉత్తరంలో రాశావు, కథలో రాయలేదు. అదేం పద్ధతి? ఆరింటికి అడుగుతోందా? ఆ వేళకి వాళ్ళు భోజనానికి కూర్చుంటారు. బంగాళాదుంపలు ఉడికిన వాసన రాకపోతే ఆవిడకి సాయంత్రమైనట్టే ఉండదు. నీకు అర్థం కాకపోతే అర్థం కాలేదనే రాయి. క్యాలెండర్ తీసి చూడు. ఏ నెల పేజీ మీద పేర్లెక్కువ, శిలువలెన్ని, ఎవరి చేతిరాత, గుర్తు లేని పేర్లలో ఇంకా ఎవరు బతికున్నారు, వాళ్ళకి కార్డు ఎవరు రాస్తున్నారు. ఆవిడ చెయ్యి వణుకుతుంటే నువ్వే రాశావేమో, నాకు ఆ అనుమానం ఉంది. రాసుంటే దాచకు.

మారుపేరు పెట్టుకోవాలా అనీ, ఏ యాస వాడాలనీ, ఏ పోటీకి పంపాలనీ అడిగావు. ఆ మూడూ తర్వాత చూద్దాం.

తిరగరాసినది నాకే పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించి, కాగితానికి ఒక వైపే అచ్చు తీయించు. ఈసారి మా మనవడి ఫోన్లోకి పంపావంటే చదవను.

ఆశీస్సులతో,
మీ బందరు మాస్టారు కాని మాస్టారు